అమ్మానాన్నలతో రోమాలో ఏడు రోజులు



1998 నవంబరులో అప్పటి ప్రధానమంత్రి వాజ్‌పేయి గారు మాదాపూరులో సైబర్ టవర్సును ప్రారంభించిన నాటికి ఆ చుట్టుపక్కల బండరాళ్లు, తుప్పలే ఎక్కువ. తరువాతి ఏండ్లలో మన పల్లెల నుండి వెళ్లిన పిల్లలు ఎందరో అక్కడ కొలువులలో కుదిరారు. ఇప్పుడు వారి తలిదండ్రులకు అరవై, డెబ్బై ఏండ్లు. ఒక రాత్రి హైటెక్ సిటీ నుండి ఫోను వస్తుంది. "నాన్నా, ఈసారి సెలవులకు మిమ్మల్నిద్దరినీ ఐరోపా తీసుకెళ్తాము." అమ్మ వెంటనే, "అంత ఖర్చు ఎందుకు నాయనా, ఆ డబ్బు పిల్లల ఫీజులకు పనికొస్తుంది గదా" అంటుంది. నాన్న ఏమీ అనడు గాని తెల్లవారేసరికి పొలము గట్టు మీద నలుగురికి చెప్పేస్తాడు.

ఆ ఫోనుకు, విమానము ఎక్కే రోజుకు మధ్య కుటుంబమంతా కూర్చొని చేయవలసిన పని చాలా ఉన్నది. ఈ నెల దానిని గురించి వ్రాస్తున్నాము. ఇది పిల్లలకు ఎంతో, ఊరిలో ఉన్న పెద్దలకు అంతే.

మొదటి మాట. ఏడు రోజులలో అయిదు దేశములు చూపిస్తామనే ప్రకటనలు నగరములో ఎక్కడ చూసినా కనబడతాయి. లెక్కకు చవకగానే తోస్తుంది. అయితే తెల్లవారుజామున అయిదింటికి పెట్టెలు బస్సులో వేయాలి. ఆరు గంటలు కూర్చోవాలి. దిగి అరగంటలో ఫోటోలు తీసుకొని మరల ఎక్కాలి. మోకాళ్ల నొప్పులున్న తల్లికి, గంటకొకసారి మరుగుదొడ్డి అవసరమయ్యే తండ్రికి ఇది విహారము కాదు, శిక్ష. ఇంటికి వచ్చిన తరువాత ఏ ఊరిలో ఏమి చూశారో కూడ చెప్పలేరు. ఒకే నగరములో, ఒకే బసలో ఏడు రాత్రులు ఉండుట మేలని మా అభిప్రాయము.

ఏ నగరము? పారిస్, వియన్నా, ప్రాగ్ అన్నీ అందమైనవే. గాని మన పెద్దలకు చిన్నప్పటి నుండి పేరు తెలిసిన నగరము రోమా. సండేస్కూలులో నేర్చుకున్న పేర్లు అక్కడ వీధులలో కనబడతాయి. చదువు లేని తల్లికి కూడ ఆ ఊరు పూర్తిగా పరాయిది కాదు.

ఎప్పుడు వెళ్లాలి? రోమా చూడడానికి ఏప్రిల్, మే, అక్టోబరు మంచి నెలలు. జూలై, ఆగస్టులలో అక్కడా ఎండ మాడుస్తుంది. అయితే అక్టోబరు చివర మన వరి కోతలు మొదలవుతాయి, ఏప్రిల్‌లో యాసంగి పంట కల్లములో ఉంటుంది. వ్యవసాయ కుటుంబమునకు మే నెల అన్ని విధాల కుదురుతుంది. పిల్లల బడులకు సెలవులు. మన ఊళ్లలో ఎండ నలభై డిగ్రీలు దాటేవేళ అక్కడ పగలు ఇరవై మూడు, ఇరవై నాలుగు డిగ్రీలు మాత్రమే. ఉద్యోగికి అయిదు రోజుల సెలవు దొరికితే, ముందూ వెనుకా ఉన్న శని ఆదివారములతో కలిపి తొమ్మిది రోజులవుతాయి. రాకపోకలకు రెండు పోగా మిగిలేవి ఏడు. గేదెల సంగతి, కోళ్ల సంగతి మాత్రము ముందే ఎవరికైనా ఒప్పజెప్పవలెను. ఈ మాట నగరములో ఉన్నవారికి నవ్వు తెప్పించవచ్చు గాని, అది తేలేవరకు అమ్మ మనసు ప్రయాణము మీదికి రాదు.

ఇక కాగితములు. అసలు కష్టమంతా ఇక్కడే ఉన్నది. మన ఇండ్లలో మనిషికి రెండు పేర్లుండుట మామూలు. సంఘములో మార్తమ్మ, రేషను కార్డులో మంగమ్మ. ఆధారు కార్డులో ఇంటిపేరు ముందు ఉంటుంది, బ్యాంకు పుస్తకములో వెనుక ఉంటుంది, ఇంకొక చోట అసలే ఉండదు. పుట్టిన తేది తెలియక ఆధారులో జనవరి 1 అని వ్రాయించుకొన్నవారు ఎంతమందో! ఈ తేడాలను సరిచేయకుండ పాస్‌పోర్టుకు వెళ్తే అక్కడే ఆగిపోతుంది. పేరు, తేది అన్ని కాగితములలో ఒకే విధముగా ఉండాలి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదలివేస్తే తరువాత వీసా దగ్గర, టికెట్టు దగ్గర చిక్కులు వస్తాయి. పాస్‌పోర్టు కోసము ఇప్పుడు హైదరాబాదు దాక పోనక్కరలేదు. 2017 నుండి అనేక పట్టణములలో ప్రధాన తపాలా కార్యాలయములలోనే పాస్‌పోర్టు సేవా కేంద్రములు తెరిచారు. తరువాత పోలీసువారు విచారణకు వస్తారు. మే నెల ప్రయాణమునకు ఈ పని అంతకుముందు దసరాకే మొదలుపెట్టాలి.

ఇటలీ వెళ్లడానికి షెంగెన్ వీసా కావలెను. ప్రయాణమునకు ఆరు నెలల ముందు నుండి దరఖాస్తు చేయవచ్చు, పదిహేను రోజులకంటె ఆలస్యము చేయరాదు. నిర్ణయమునకు మామూలుగా పదిహేను రోజులు, కొన్నిసార్లు నలభై అయిదు రోజుల వరకు పడుతుంది. వేసవిలో అందరూ ఎగబడతారు గనుక ఫిబ్రవరి, మార్చిలోనే వేయుట మంచిది. 2024 జూన్ నుండి పెద్దలకు రుసుము 90 యూరోలు, అంటే తొమ్మిది వేల రూపాయల పైమాట. దరఖాస్తు కేంద్రము వారి చార్జీ దీనికి అదనము. వీసా రాకపోతే ఈ డబ్బు తిరిగి రాదు. అందుచేత వీసా చేతికి వచ్చేవరకు, రద్దు చేసినా డబ్బు రాని టికెట్టు కొనకండి. నలుగురున్న ఇంటిలో అది చిన్న నష్టము కాదు.

వేలిముద్రలు ఇవ్వడానికి పెద్దలు స్వయముగా హైదరాబాదు రావాలి. ఏండ్ల తరబడి నాట్లు, కోతలు చేసిన చేతులకు ముద్రలు అరిగిపోతాయి. యంత్రము ఒకపట్టాన పట్టుకోదు. కంగారు పడవద్దు. నాలుగు రోజుల ముందు నుండి చేతులకు కొబ్బరినూనె రాసి, ఆ రోజు శుభ్రముగా కడుగుకొని వెళ్లండి. రాకపోతే మరల మరల తీసుకొనమని అడగండి.

ఆదాయపు పన్ను పత్రములు లేవే అని రైతు కుటుంబములు భయపడతాయి. ఖర్చు కుమారుడో కుమార్తెయో పెట్టుకొంటున్నట్లు ఉత్తరము, వారి జీతపు చీటీలు, బ్యాంకు లెక్కలు, సెలవు మంజూరు కాగితము జతచేస్తారు. తండ్రి తన పట్టాదారు పాసు పుస్తకము, పింఛను వస్తే దాని కాగితము పెట్టవచ్చు. ఈయనకు ఊరిలో భూమి ఉన్నది, తిరిగి వస్తాడు అని అవతలివారికి నమ్మకము కలగాలి. లేని డబ్బును ఎవరివద్దనో తెచ్చి వారము ముందు ఖాతాలో వేసి చూపించే పని మాత్రము చేయకండి. అలాంటి లెక్క చూడగానే తెలిసిపోతుంది.

30,000 యూరోలకు తక్కువ కాని వైద్య బీమా కూడ తప్పనిసరి. బీమా కాగితములో ముందునుండే ఉన్న జబ్బులను గురించి ఏమి వ్రాశారో చదవకుండ సంతకము పెట్టవద్దు. బి.పి., షుగరు మాత్రలు చేతి సంచిలోనే, డాక్టరు చీటీతో సహా ఉండాలి. శంషాబాదు నుండి గల్ఫులో విమానము మారి వెళ్లేవారే ఎక్కువ. ఆ మారే చోట నడక చాలా దూరము. టికెట్టు తీసుకొన్నప్పుడే చక్రాల కుర్చీ అడగండి, దానికి డబ్బు తీసుకోరు. నాన్నకు అది నామోషీగా ఉంటే, సామాను మోయడానికని చెప్పి కూర్చోబెట్టండి.

బసకు హోటలు గదికంటె వంటగది ఉన్న చిన్న ఇల్లు మేలు. లిఫ్టు ఉన్నదో లేదో అడిగి తీసుకోవాలి, పాత భవనములు గదా. మాంసము, పాల పదార్థములు ఐరోపా దేశములలోనికి తీసుకెళ్లనివ్వరు. కాబట్టి కోడి పచ్చడి, నెయ్యి డబ్బా ఇంటి దగ్గరే ఉండాలి. ఆవకాయకు ఆ అడ్డు లేదు, పెద్ద పెట్టెలో గట్టిగా కట్టి పెట్టండి. టెర్మిని స్టేషనుకు దగ్గరలో ఎస్క్విలినో అంగడి కలదు. అక్కడ మన బియ్యము, పప్పులు, మసాలాలు దొరుకుతాయి. నీళ్ల సీసాలు కొననక్కరలేదు. నగరమంతటా వీధి కొళాయిలు రాత్రింబగళ్లు పారుతుంటాయి, అవి తాగే నీళ్లే.

ఇక చూడవలసినవి. దిగిన రోజు ఏమీ పెట్టుకోవద్దు. మిగిలిన రోజులలో ఉదయము ఒకటి చూసి, మధ్యాహ్నము బసకు వచ్చి భోజనము చేసి పడుకొని, చల్లబడిన తరువాత దగ్గరలో తిరిగితే చాలు. అక్కడి పాత వీధులన్నీ చిన్న చిన్న నల్లరాళ్లు పరిచినవి, ఎగుడుదిగుడుగా ఉంటాయి. చెప్పులతో నడువలేరు. మెత్తని బూట్లు కొని రెండు నెలల ముందు నుండే ఊరిలో వేసుకొని నడవాలి. చీర మీద బూట్లేమిటని అమ్మ ఒప్పుకోదు. ఒప్పించండి.

కొలోస్సియము క్రీ.శ. 80లో ప్రారంభమైనది. సుమారు యాభై వేలమంది కూర్చొని మనుష్యులు, మృగములు చచ్చుటను చూసిన స్థలము. 2023 అక్టోబరు నుండి దాని టికెట్టు మీద మనిషి పేరు ఉంటుంది, పాస్‌పోర్టుతో పోల్చి చూస్తారు. అదే టికెట్టు మీద లోపలికి పోతే తీతు కమాను కనబడుతుంది. మా లెక్కన కొలోస్సియముకంటె అక్కడ ఎక్కువసేపు నిలువవలెను. క్రీ.శ. 70లో యెరూషలేము పడిపోయిన తరువాత దేవాలయములోని ఏడు కొమ్మల దీపవృక్షమును సైనికులు భుజముల మీద మోసుకొనిపోవుట ఆ రాతిలో చెక్కియున్నది. నిర్గమకాండము చదివినవారికి అది ఏమిటో ఎవరూ చెప్పనక్కరలేదు.

పోపుగారి నగరము మనకెందుకని మన పెద్దలలో కొందరు అంటారు. వాటికన్ మ్యూజియములో సిస్టీను మందిరపు పైకప్పు మీద 1508 నుండి 1512 వరకు మికెలాంజెలో చిత్రించిన తొమ్మిది ఘట్టములు సృష్టి మొదలుకొని నోవహు వరకు గల ఆదికాండమే. గైడు లేకుండ మన నాన్నలే మనుమలకు ఒక్కొక్కటి చూపించి చెప్పగలరు. అయితే లోపల మాట్లాడనివ్వరు, ఫోటోలు తీయనివ్వరు గనుక ఆ కథ బయటనే చెప్పుకొని వెళ్లాలి. ఆ మ్యూజియము ఆదివారములు మూసి ఉంటుంది, నెలలో చివరి ఆదివారము తప్ప. పేతురు దేవాలయములోనికి ప్రవేశము ఉచితము గాని గోపురమునకు 551 మెట్లు. లిఫ్టు ఎక్కినా ఇంకా 320 మిగులుతాయి. అది పిల్లలకు వదలివేసి పెద్దలు క్రింద చావడిలో కూర్చోవచ్చు. లాటరను దగ్గర పవిత్ర సోపానము అనే 28 మెట్లున్నవి. 1510–11లో యువ సన్యాసిగా రోమాకు వచ్చిన మార్టిన్ లూథరు వాటిని ఎక్కినట్లు తరువాత తానే చెప్పాడు. ఇప్పటికీ అక్కడ జనులు మోకాళ్ల మీదనే ఎక్కుతారు. మనము ప్రక్కన నిలిచి చూడవచ్చు.

ఒక పూర్తి ఉదయము అప్పీయా మార్గమునకు ఉంచండి. క్రీ.పూ. 312లో మొదలైన దారి అది. 2024 జూలైలో మన ఢిల్లీలో జరిగిన యునెస్కో సమావేశములోనే దానిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. అపొస్తలుడైన పౌలు పొతియొలీలో ఓడ దిగి ఖైదీగా రోమాకు నడిచివచ్చినది ఈ దారినే. అప్పీయా సంతపేట, సహోదరులు ఎదురువెళ్లి ఆయనను కలుసుకొన్న చోటు, నగరమునకు అరవై కిలోమీటర్ల పైన దూరము. మనము అంత పోనక్కరలేదు. నగరపు గోడ దాటిన తరువాత కొంత దూరము పోతే చాలు, పెద్ద పెద్ద పాత బండలు కాళ్ల క్రింద తగులుతాయి. ఆ ప్రక్కనే భూమి లోపల తొలి క్రైస్తవుల సమాధులు కలవు. లోపల చలి, మెట్లు, ఇరుకు. ఆయాసమున్నవారు దిగవద్దు, పైన చెట్ల నీడ ఉన్నది. పౌలు రెండేండ్లు ఉన్న అద్దె ఇల్లు ఎక్కడ అంటే, మా దగ్గరేనని చెప్పే గుడులు నగరములో రెండున్నవి. రెండూ నిజము కాలేవు గదా.

పౌలు పేరున పెద్ద దేవాలయము గోడల బయట ఉన్నది. మెట్రోలో నేరుగా పోవచ్చు. 1823లో కాలిపోగా మరల కట్టినది. అదే పేరున గోడల లోపల, నాట్సియొనాలే వీధిలో 1876లో ప్రతిష్ఠించిన మరొక మందిరము ఉన్నది. అది ప్రొటెస్టెంటులది. 1870లో పోపుగారి పరిపాలన ముగిసేవరకు నగరపు గోడల లోపల మనవారికి మందిరము కట్టుకొను అనుమతి లేకపోయెను. ఆదివారము అక్కడ ఇంగ్లీషు ఆరాధన జరుగుతుంది. ఆ రోజే తిరుగు ప్రయాణమైతే ఆరాధన వేళ ముందురోజే కనుక్కొని, పెట్టెలు సర్దిపెట్టుకొని వెళ్లండి. టెర్మిని స్టేషను అక్కడికి నడిచిపోయేటంత దూరమే. విమానాశ్రయమునకు రైలు అక్కడినుండే, ముప్పైరెండు నిమిషముల ప్రయాణము.