నీటి పద్దు

ఉగాది గడచినది. పాత పుస్తకములు మూసి, కొత్త పుస్తకమునకు పసుపు కుంకుమలు పెట్టి, రాబడి యెంత, పోబడి యెంత, నిలువ యెంత అని వ్యాపారస్థులమైన మనము లెక్క చూచుకొంటిమి. బియ్యమునకు, బెల్లమునకు, చింతపండునకు, పట్టుగూళ్ళకు, అన్నిటికిని పద్దు కలదు. అయితే అన్నిటికంటె ముందు వ్రాయవలసిన సరకొకటి మన పుస్తకములో ఎక్కడను లేదు. అది నీరు. ఏ సరకు ఒక్క పూట కొరవడిన ఇల్లు నిలిచిపోవునో ఆ సరకునకే లెక్క లేకపోవుట వ్యాపారధర్మము కాదు. కనుక ఈ వారము ఆ పద్దును పాఠక మహాశయుల ముందుంచుచున్నాము.

మొదట రాబడి. మన చిక్కబళ్ళాపురము జిల్లాలో జీవనది యొక్కటియు లేదు. నంది కొండలలోను, వాని పరిసరములలోను ఉత్తర పినాకిని, దక్షిణ పినాకిని, పాలారు, అర్కావతి, చిత్రావతి పుట్టుచున్నను, అవి వానలు కురిసిన దినములలోనే పారునవి. చిత్రావతి బాగేపల్లి మీదుగా సాగి, ఆడపడుచు మెట్టినింటికి పోయినట్లు ఆంధ్రదేశమున ప్రవేశించి పెన్నలో కలియును. సాలుకు సుమారు 700 మిల్లీమీటర్ల వానయే మనకు రాబడి. అదియు ఏటేట ఒక్క తీరున ఉండదు.

ఈ సంగతి మన పెద్దలకు బాగుగా తెలియును. తరతరముల క్రిందట ఈ సీమలో స్థిరపడిన మన పూర్వులు ఇక్కడి కన్నడ సోదరులతో కలిసి చెరువులనే నమ్ముకొని బ్రతికిరి. ఎగువ చెరువు నిండి పొరలిన నీరు దిగువ చెరువును చేరును. అది నిండిన తరువాత దాని దిగువది. తూము తెరచి ఏ మడికి ఎంత నీరో పంచుటకు నీరుగంటి ఉండెను. వేసవిలో చెరువెండినపుడు బండ్లు కట్టి ఒండుమన్ను పొలములకు తోలుకొనెడివారు. పొలమునకు సత్తువ, చెరువునకు పూడికతీత, రెండును ఒక్క పనితోనే జరిగెడివి.

ఇక పోబడి. గొట్టపు బావులు వచ్చినది మొదలు మనము చెరువును మరచితిమి. మన కాళ్ళ క్రిందనున్నది గట్టి రాతినేల. దానిలో నీరు పగుళ్ళయందు మాత్రమే నిలుచును. ఏటేట వాన వలన ఇంకునది వడ్డీ. ఎన్నో ఏండ్లుగా అడుగున చేరినది అసలు. వడ్డీతో కాలక్షేపము చేసిన ఇల్లు నిలుచును. అసలే తినివేసిన ఇంటి గతి మనమెరుగనిది కాదు. కోలారు, చిక్కబళ్ళాపురము జిల్లాల తాలూకాలలో పెక్కింటిని, ఇంకెడి నీటికంటె తోడెడి నీరు ఎక్కువైనవిగా ప్రభుత్వ భూగర్భజల శాఖవారే లెక్కకట్టిరి. వేయి అడుగులు దాటి త్రవ్వినను దుమ్మే వచ్చిన బోర్లు ఏ ఊరిలో లేవు?

లోతునకు పోయిన కొలది ఇంకొక కీడును కలదు. బాగేపల్లి, చింతామణి ప్రాంతముల బోరునీటిలో పలుచోట్ల ఫ్లోరైడు మితిమీరి యున్నది. లీటరునకు 1.5 మిల్లీగ్రాములను మించిన ఫ్లోరైడుగల నీటిని చిన్ననాటినుండి త్రాగిన బిడ్డల పండ్లు గారపట్టును. మోతాదు హెచ్చి ఏండ్ల తరబడి త్రాగినవారికి కీళ్ళు బిగియును.

ఇతరులకు బుద్ధి చెప్పుటకు ముందు మా తప్పు చెప్పుకొనవలెను. కొన్ని వేసవుల క్రిందట మా ఇంటి బోరు ఎండినది. మేము ముందు వెనుక లాలోచింపక, ప్రక్కనే ఇంకొకటి మరింత లోతుగా వేయించితిమి. నీరు పడినది. కొబ్బరికాయ కొట్టి వీధివారికి మిఠాయి పంచితిమి. నెల తిరుగకమునుపే మా వెనుక వీధిలోని ఒక పేద కుటుంబపు బావి అడుగంటినది. ఆ ఇల్లాలు బిందె చంకనబెట్టుకొని మా గుమ్మమునకు వచ్చి, "అన్నా, మా బాయి నీళ్ళు మీ బోరుకు వచ్చినట్లుండాయి. రెండు బిందెలు పట్టుకుంటాను" అనెను. ఆమె నిష్ఠురముగా అనలేదు, ఉన్నమాట అనెను. ఒకరి సొమ్మును మన ఖాతాలో జమ వ్రాసుకొని లాభమని సంతోషించితిమని మాకు ఆనాడు తెలిసినది.

అయిన ఏమి చేయవలెను? మొదట చేతనున్నది చూతము. వంద చదరపు మీటర్ల మిద్దెపై ఒక మిల్లీమీటరు వాన కురిసిన అది 100 లీటర్లు. సాలుకు 700 మిల్లీమీటర్లకు 70,000 లీటర్లు. సగము వ్యర్థమైనను 35,000 లీటర్లు మిగులును. నలుగురున్న ఇంటికి త్రాగుటకు, వంటకు దినమునకు 20 లీటర్లు చాలుననుకొన్నచో సాలుకు కావలసినది 7,300 లీటర్లే. మన మిద్దె మీద పడునది మన గొంతునకు కావలసినదానికి నాలుగింతలకు పైమాట! పైగా వాననీటిలో ఫ్లోరైడు బాధ లేదు. మామిడి జల్లులు పడకమునుపే మిద్దె ఊడ్చి, గొట్టము అమర్చి, మొదటి వాన నీటిని వెలుపలికి వదలి, తరువాతి నీటిని గులకరాళ్ళు, ఇసుక, బొగ్గుల మీదుగా తొట్టిలోనికి దింపుకొనవలెను. త్రాగుటకు ముందు కాచుకొనవలెను. నిలువచేయ తొట్టి లేనివారు ఎండిన బోరు ప్రక్కన ఇంకుడు గుంత త్రవ్వి, ఆ నీటిని భూమికైనను జమ చేయవచ్చును.

మన జిల్లాలోని ముద్దేనహళ్ళిలో జన్మించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు 1903లో పూనా చెంతనున్న ఖడక్‌వాస్లా ఆనకట్టకు తాము రూపొందించిన స్వయంచాలక తలుపులు అమర్పించి, కట్ట ఎత్తు పెంచకయే ఎక్కువ నీరు నిలువ చేయించిరి. ఏటేట వారి పటమునకు పూలదండ వేయుదుము. మన మిద్దె నీటిని మాత్రము వీధి కాలువకు వదలుదుము. ఇది వారికి గౌరవమగునా?

ఇక నిత్యకృత్యములు. తెరచిపెట్టిన కొళాయినుండి నిమిషమునకు ఐదారు లీటర్ల నీరు పోవును. చెంబుతో ముఖము కడుగుకొని, బకెట్టు నీటితో స్నానము ముగించుట మన అమ్మమ్మలు నేర్పినదే. బియ్యము, కూరలు కడిగిన నీరు తులసికోటకు, కరివేప చెట్టునకు పోవచ్చును. ఫ్లోరైడు భయమున ఇంటింట ఆర్.ఓ. యంత్రములు వెలసినవి. అవి ఇచ్చెడి మంచినీటికంటె వెలుపలికి తోయు నీరే తరచుగా ఎక్కువ. ఆ నీటిని బకెట్టులో పట్టి ఇల్లు తుడుచుటకు, మరుగుదొడ్డికి వాడుకొనవలెను. వంటకు గాని, పశువులకు గాని పెట్టరాదు.

చల్లదనమునకు కుమ్మరి కుండ చాలును. కుండ గోడలనుండి చెమర్చిన నీరు ఆవిరియగుచు లోపలి నీటి వేడిని తీసికొనిపోవును. మన సీమలో వేసవి గాలి పొడిగాలి గనుక ఈ పని మరింత చక్కగా జరుగును. మిద్దెకు తెల్లసున్నము కొట్టిన ఎండ వెనుకకు మరలును. ఏ.సీ. గల ఇండ్లవారు దానిని 24 డిగ్రీలకు తగ్గింపకుండుట మేలు. ప్రతి డిగ్రీకి సుమారు 6 శాతము కరెంటు ఆదా యగును. సీసా పానీయములకు బదులు రాగి అంబలి, నీరు మజ్జిగ, పానకము, కోసంబరి మన వంటింటిలో లేనివి కావు. వడియములకు, ఊరగాయలకు కావలసిన ఎండ ఊరక వచ్చుచున్నది.

"ఇంటిలో చెంబెడు మిగిల్చిన ఏమి ఫలము? నీరంతయు పొలములకే పోవుచున్నది గదా" అని కొందరు మిత్రులు మాతో వాదించిరి. మాట నిజమే. భూగర్భజలములో అధికభాగము సేద్యమునకే పోవుచున్నది. కాని ఆ పొలములు ఎవరివి? మన సంఘ సభ్యులలో టమేటా, మల్బరీ తోటలు గలవారు అనేకులు. బిందుసేద్యము, మొదళ్ళకు గడ్డి కప్పుట, బోరు చాలని చేనిలో రాగి, కంది, వేరుశనగలకు మరలుట వారి చేతిలోని పనులే. బెంగుళూరు నగరపు మురుగునీటిని రెండంచెలలో శుద్ధి చేసి మన చెరువులకు పంపుచున్నారు గదా యని ధీమా వలదు. ఆ నీరు భూమిలో ఇంకుటకు ఉద్దేశించినది, త్రాగుటకు కాదు.

చివరిమాట మన చలివేంద్రమును గూర్చి. శ్రీరామనవమికి మన సంఘము పందిరి వేయుట ఆచారము. కడచిన ఏండ్లలో సులువని తలచి ప్లాస్టిక్ పొట్లముల నీరు పంచితిమి. సాయంకాలమునకు పందిరి ముందరి కాలువ ఆ పొట్లములతోనే పూడెడిది. పుణ్యము మనకు, పూడిక ఊరికి! ఈ ఏడు మట్టి బానలు, పొడుగు కాడ గరిటె, కడిగి వాడు లోటాలు ఉండవలెనని మా కోరిక. బజారులో అంగడి గలవారు వంతులవారీగా ఒక్కొక్క పూట నిలిచి నీరు పోసిన కూలి మాట రాదు. ప్రక్కనే పశువులకొక తొట్టి, పక్షులకొక మూకుడు మరువరాదు. కన్నడ సోదరులను, ఉర్దూ మాటలాడు సోదరులను కూడ ఈ పనికి పిలువవలెను. మన సంఘము భాష కొరకు ఏర్పడినదే. కాని దాహమునకు భాష లేదు, చెరువునకును లేదు.

హొసూరులో 1920లో జన్మించిన డాక్టరు హెచ్. నరసింహయ్యగారు బెంగుళూరు విశ్వవిద్యాలయమునకు ఉపకులపతియైనవారు. అయినను కళాశాల వసతిగృహములోని ఒక గదియే వారికి ఇల్లు. కొద్దితో బ్రతుకుట లేమి కాదని ఈ మట్టిలో పుట్టినవారే చూపియుండగా మనకు వేరొకరి బోధ ఏల?

ప్రతి కుటుంబము నేడే ఒక కాగితముపై వ్రాసికొనవలెను: దినమునకు ఎన్ని బిందెలు వాడుచున్నాము, ఎన్ని తగ్గింపగలము, మన మిద్దె నీరు ఎచటికి పోవుచున్నది. జ్యేష్ఠమాసాంతమున సంఘ సమావేశమునకు ఆ కాగితములు తెండు. మేమును మాది తెచ్చెదము. వెనుక వీధి ఇల్లాలి రెండు బిందెల బాకీ మా పద్దులో మొదటి వరుసన ఉండును.