గళ్ళలో ఇమడని సామర్థ్యం

తెలుగు పండితుడికి ప్రయోగశాలతో ఏమి పని అని అడగబోయే మిత్రులకు ముందుగానే ఒక మాట. ఈ విషయంలోకి నా అంతట నేను దిగలేదు. నా పూర్వ విద్యార్థి ఒకడు దింపాడు. ఐ.టి.ఐ.లో ‘లాబొరేటరీ అసిస్టెంట్ (కెమికల్ ప్లాంట్)’ అనే రెండేళ్ళ శిక్షణలో చేరిన ఆ కుర్రవాడు, ఆంగ్లంలో ఉన్న పాఠ్యప్రణాళికను చేతపట్టుకుని మా ఇంటికి వచ్చి, ‘‘మాస్టారూ, ఇందులో నాకు ఏమేం రావాలంటున్నారో కాస్త తెలుగులో చెప్పండి’’ అన్నాడు. మనుచరిత్రకు వ్యాఖ్యానం కావలసి వచ్చిందంటే అది అల్లసాని వారి గొప్పతనం. ప్రయోగశాల సహాయకుడి పాఠ్యప్రణాళికకు వ్యాఖ్యాత కావలసి వచ్చిందంటే అది ఎవరి గొప్పతనమో నాకు బోధపడలేదు.

సరే, చదివి చెప్పాను. ఒక్కొక్క పనికి ఒక్కొక్క ‘అభ్యసన ఫలితం’, దాని కింద దానిని తూచే ప్రమాణాలు. గాజుసామాను శుభ్రం చేయగలడు, ద్రావణం తయారు చేయగలడు, అంశమాపనం, అంటే టైట్రేషన్, చేయగలడు, పి.హెచ్. మీటరును సరిచూడగలడు, ఫలితాన్ని నమోదు చేయగలడు. అన్నీ ‘గలడు’లే. అంతా అయిన తరువాత మాటవరసకు అడిగాను: ‘‘ఒకే ద్రావణానికి మూడు మార్లు అంశమాపనం చేస్తే మూడు రీడింగులూ కలవలేదనుకో, అప్పుడేం చేస్తావు నాయనా?’’

‘‘కలిసేటట్టు రాస్తాం మాస్టారూ’’ అన్నాడు వాడు, ఏ సంకోచమూ లేకుండా.

ఈ టపా ఆ ఒక్క జవాబును గురించి.

వాడిని మందలించడానికి నాకు నోరు రాలేదు. అబద్ధమాడుతున్నానన్న స్పృహే వాడికి లేదు. ఈ విద్య వాడు ఐ.టి.ఐ.లో కొత్తగా నేర్చినదీ కాదు. మన ఇంటర్మీడియెట్ ప్రయోగ పరీక్షలను తలచుకోండి. లోలకం ఊగినా ఊగకపోయినా గురుత్వ త్వరణం 980 దగ్గరకు వచ్చి ఆగుతుంది. ముందు జవాబు, దాని వెనుక రీడింగులు. రికార్డు పుస్తకమంటే నిరుటి విద్యార్థి రికార్డుకు శుభ్రప్రతి. నేను పనిచేసిన బడులలో సైన్సు బీరువా తాళం ఇన్‌స్పెక్షను నాడు తప్ప తెరుచుకోగా చూసిన గుర్తు లేదు. చూడకుండానే చూసినట్టు రాయడం మనం బాల్యం నుంచీ శ్రద్ధగా నేర్పుతున్న కళ. ఆ నేర్పిన వారిలో నేనూ ఒకడిని.

అందువల్ల ‘సామర్థ్యాధారిత శిక్షణ’ అనే పద్ధతిని ఆదిలోనే తోసిపుచ్చేవాడిని కాను. దాని మూలసూత్రం మంచిది. తరగతిలో ఎన్నేళ్ళు కూర్చున్నావు, ఎన్ని పుటలు కంఠస్థం చేశావు అన్న ప్రశ్నలను పక్కన పెట్టి, నీ చేతులతో ఏమి చేయగలవో చూపించు అంటుంది. ఇంగ్లండులో 1986లో జాతీయ వృత్తి అర్హతల మండలిని స్థాపించి ఈ మార్గాన్నే పట్టారు. మన దేశంలో 2013 డిసెంబరు 27న జాతీయ నైపుణ్య అర్హతల చట్రాన్ని ప్రకటించి పది మెట్లు కట్టారు. 2023లో దానిని సవరించి ఎనిమిదికి కుదించారు. ఏ శిక్షణ ఏ మెట్టు మీదిదో, ఆ మెట్టు మీద నిలిచినవాడు ఏమేమి చేయగలగాలో అందులో రాసి ఉంటుంది. కంఠస్థపు చదువుకు ఇది విరుగుడు అన్నారు. నేనూ నమ్మాను.

మరి విరుగుడు తాగిన కుర్రవాడు ‘కలిసేటట్టు రాస్తాం’ అని ఎందుకన్నాడు?

పద్ధతిలోనే జవాబు ఉంది. అది కంటికి కనిపించే దానిని మాత్రమే గడిలో పెట్టి, పక్కన టిక్కు పెడుతుంది. బ్యూరెట్టులో ద్రవం అంచుల వద్ద పైకెక్కి నడుమ పల్లంగా ఉంటుంది. ఆ పల్లపు అడుగును కంటికి సమంగా ఉంచి చదివాడా? టిక్కు. ఫినాల్ఫ్తలీన్ వేసిన ద్రావణం లేత గులాబిరంగుకు తిరగగానే ఆపాడా? టిక్కు. పుస్తకంలో నమోదు చేశాడా? టిక్కు. ఇప్పుడు ఇద్దరు విద్యార్థులను ఊహించండి. ఒకడి పుస్తకంలో 19.8, 19.8, 19.8 అని ముత్యాల కోవ. రెండవవాడి పుస్తకంలో 19.8, 20.4, 19.9. ఆ 20.4 పక్కన ‘రంగు ముదిరింది, చుక్కలు ఎక్కువ పడ్డాయి, మళ్ళీ చేశాను’ అని ఒక వాక్యం. పరీక్షకుడు ఎవరికి ముందు టిక్కు పెడతాడు? మొదటివాడికే. ‘నమోదు చేయగలడు’ అన్న గడికి ఇద్దరూ సమానులే. నీట్‌నెస్ గడి ఉంటే మొదటివాడిదే పైచేయి. బొంకిన చేతికి పట్టం కట్టి నిజం రాసిన చేతిని వెనుకకు నెట్టే తూనికను సామర్థ్యపు తూనిక అనడం మాటకు ద్రోహం.

మాట అంటే గుర్తుకు వచ్చింది. ‘సమర్థ’ శబ్దంలో ‘అర్థం’ ఉంది. వ్యాకర్తలు పదాలు సమర్థాలు కావాలంటారు. అంటే వాటి అర్థాలు ఒకదానితో ఒకటి పొసగాలి, అప్పుడే సమాసం. పక్కపక్కన పేర్చినంత మాత్రాన సమాసం కాదు. అదే విధంగా నలభై గళ్ళు పక్కపక్కన పేర్చినంత మాత్రాన మనిషి సమర్థుడు కాడు. ఈ రీడింగు ఎందుకు తీస్తున్నాను, ఇది తప్పైతే ఎవరికి ఏమవుతుంది అన్న అర్థం ఆ పనులన్నింటినీ కలిపి కట్టాలి.

ఏమవుతుందో చూద్దాం. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా ప్రాంతంలో దగ్గుమందు తాగిన పసివాళ్ళు మూత్రపిండాలు చెడి మరణించారు. ఇరవైమందికి పైగా. తమిళనాడులో తయారైన ఆ మందులో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం 48.6 శాతం ఉన్నట్లు ప్రభుత్వ పరీక్షలో తేలింది. ఉండదగిన హద్దు 0.1 శాతం. ముడిసరుకును వాడకముందు పరీక్షించడం, తయారైన మందును అమ్మకముందు పరీక్షించడం, రెండూ ప్రయోగశాలలో జరగవలసిన పనులే. యజమాని లోభం, అధికారి అలసత్వం ఎంత ఉన్నా, ఆ రెంటికీ అడ్డంగా నిలువగల చివరి మనిషి బల్ల ముందు నిలబడిన సహాయకుడు.

2013 మే నెలలో రాన్‌బాక్సీ వారి అమెరికా సంస్థ అక్కడి న్యాయస్థానంలో నేరం అంగీకరించింది. జరిమానాలు, పరిహారాలు కలిపి 50 కోట్ల డాలర్లు. ఒప్పుకున్న వాటిలో ఒకటి ఏమిటో తెలుసా? మందు నిలవ ఉండే శక్తిని తేల్చే పరీక్షలు ఫలానా తేదీలలో జరిగాయని నివేదించారు. నిజానికి అవి ఆ తేదీల తరువాత వారాలకో నెలలకో జరిగాయి. పరీక్ష చేయడం రాకపోవడం కాదు, చేసిన రోజును చేసిన రోజుగా రాయకపోవడం. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018లో వెలువరించిన సూచనలలో ప్రయోగశాల రాతకు అయిదు లక్షణాలు చెప్పారు: రాసింది ఎవరో తెలియాలి, చదవడానికి వీలుండాలి, చూసిన వెంటనే రాయాలి, మొదటి ప్రతి అయి ఉండాలి, సరిగ్గా ఉండాలి. జీడిమెట్లలోనూ, పాశమైలారంలోనూ, పరవాడలోనూ మన పిల్లలు చేరబోయే ఉద్యోగాలకు ప్రాణం ఈ అయిదే. వీటిలో ఎన్నింటిని టిక్కు పట్టుకోగలదు?

ఇది మా శాస్త్రానికి కొత్త సంగతి కాదు. తాళపత్రాన్ని పురుగు తిన్నచోట నిజాయితీ గల లేఖకుడు ఖాళీ విడిచాడు. దానిని గ్రంథపాతమన్నారు. తెలివైన లేఖకుడు తన సొంత అక్షరాలు నింపి పద్యాన్ని నునుపు చేశాడు. దానిని ప్రక్షిప్తమన్నారు. పరిష్కర్తకు ఖాళీ విడిచినవాడు దేవుడు, పూరించినవాడు శత్రువు. మా కుర్రవాడు ‘కలిసేటట్టు’ రాసే రీడింగు ప్రక్షిప్తమే. కావ్యంలో ప్రక్షిప్తం పండితుల తగవుతో పోతుంది. మందుసీసాలో ప్రక్షిప్తం పసిప్రాణంతో పోతుంది.

‘అయితే నిజాయితీకి కూడా ఒక గడి చేర్చుదాం’ అంటారు మన విధానకర్తలు. ఇంగ్లండులో ఆ దారి ఎంత దూరం పోతుందో చూశారు. ఆలిసన్ వుల్ఫ్ 1990లలోనే హెచ్చరించింది: ప్రమాణాన్ని నిక్కచ్చిగా చెప్పాలని పూనుకున్న కొద్దీ వివరణకు వివరణ, దానికి మరొక వివరణ అవసరమై, అంతులేని సుడిలో పడతారని. గళ్ళు పెరుగుతాయి. పరీక్షకుడి కన్ను మాత్రం కాగితం మీదనే ఉంటుంది.

దానికి తోడు డబ్బు. 2016లో మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన రెండవ దశలో శిక్షణ సంస్థకు ఇచ్చే రుసుములో సగభాగం అభ్యర్థికి ధ్రువపత్రం వచ్చిన తరువాతనే అందేది. టిక్కు పడితేనే సొమ్ము అన్నప్పుడు టిక్కు పడకుండా ఉంటుందా? ‘ఇంకా చేయలేడు’ అని రాయడం నేర్పేవాడి పొట్టమీద కొట్టే పని అయినచోట అందరూ సమర్థులే.

మరి ఏమి చేయాలి? విమర్శించి చేతులు దులుపుకోవడం నాకు ఇష్టం లేదు. నాలుగు మాటలు.

ఒకటి: పరీక్షలో తప్పనిసరిగా ఒక మొండి నమూనా ఉండాలి. రీడింగులు కలవనిది, లేదా చెడిన పరికరంతో చేయవలసినది. అభ్యర్థి ఆగాడా, అడిగాడా, ఉన్నది ఉన్నట్టు రాశాడా అన్నదానికే అత్యధిక మార్కులు.

రెండు: పుటసంఖ్యలు వేసి కుట్టిన నోటుపుస్తకం మొదటి రోజు నుంచీ ఉండాలి. దిద్దవలసి వస్తే ఒకే గీత. కొట్టివేసినది కూడా చదవడానికి వీలుగా ఉండాలి. పక్కన కారణం, తేదీ, సంతకం. శుభ్రప్రతి నిషిద్ధం.

మూడు: కాలం. జర్మనీలో రసాయన ప్రయోగశాల సహాయకుడి శిక్షణ మూడున్నరేళ్ళు. కొంత వృత్తిపాఠశాలలో, కొంత నిజమైన ప్రయోగశాలలో, అనుభవజ్ఞుడి పక్కన. తప్పు చేసి, చెప్పుకుని, మళ్ళీ చేసే తీరిక ఉన్నచోటే నిజం చెప్పడం అలవాటవుతుంది.

నాలుగు: భాష. ఆ జర్మను కుర్రవాడు అదంతా జర్మను భాషలో నేర్చుకుంటాడు. ‘పరికరాల మీద అంతా ఆంగ్లమే, రికార్డు ఆంగ్లమే, తెలుగెందుకు?’ అని మీలో కొందరు అడుగుతారు. రికార్డు ఆంగ్లంలోనే రాయనివ్వండి. ‘ఎందుకు కలవలేదు?’ అన్న ప్రశ్నకు మాత్రం వాడు తెలుగులో జవాబు చెప్పనివ్వండి. కారణం చెప్పడానికి మాట లేనివాడు అంకెను మార్చేస్తాడు. అంకె మార్చడానికి ఏ భాషా అక్కరలేదు. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి డిగ్రీ స్థాయి దాకా రసాయనశాస్త్రాన్ని తెలుగులో ముద్రించింది. ముడిమాటలు సిద్ధంగా ఉన్నాయి. వాడేవారే కావాలి.

‘పేదపిల్లలకు త్వరగా ఉద్యోగం రావాలి, మీరు మూడున్నరేళ్ళంటారేమిటి?’ అన్న ఆక్షేపణ బరువైనది. దానిని నేను తేలికచేయను. కాని ఆర్నెల్లలో ఇచ్చిన కాగితంతో చేరినవాడిని, తప్పు దొరికిన నాడు యజమాని మొదట బలిపెట్టేది ఎవరిని? సంతకం చేసిన సహాయకుడినే. పేదవాడికి త్వరగా ఇవ్వవలసినది భృతి. విద్యను తరిగి ఇవ్వడం దయ కాదు.

కుర్రవాడు వెళ్ళేముందు వాడి చేత నా బల్లమీది పాత పుస్తకంలో ఒక పుట చదివించి, పురుగు తిన్నచోట ఏముందని అడిగాను. ‘‘ఏమీ లేదు మాస్టారూ, చుక్కలు పెట్టారు’’ అన్నాడు. ‘‘నీ పుస్తకంలోనూ అట్లాగే పెట్టు’’ అన్నాను. ‘‘పెడితే ఫెయిల్ చేస్తారు మాస్టారూ’’ అన్నాడు.

దానికి నా దగ్గర జవాబు లేదు. ప్రమాణాలు రాసే పెద్దల దగ్గర ఉండాలి.