గేర్‌బాక్సు చెడిన పాత ట్రాక్టరు: బాగుచేయించడమా, మార్చడమా?

తొలకరి వానలు కురిసి నేల పదునెక్కిన వారంలో ఎన్నో పాత ట్రాక్టర్లు మొరాయిస్తాయి. ఇందులో వింత లేదు. వేసవిలో షెడ్డులో నిలిచిన యంత్రంపై నాగలి, రొటావేటరు, ట్రాలీ భారాలన్నీ ఒక్కసారిగా పడేది అప్పుడే. గేరు పడదు, పడినా నిలవదు, అడుగున గరగరమని చప్పుడు వస్తుంది. మెకానిక్కు చూసి గేర్‌బాక్సు పోయిందంటారు. ఇరుగుపొరుగువారు ఈ పాత బండితో ఇంకెన్నాళ్ళు వేగుతావని అడుగుతారు. డీలరు పాతది మార్పిడికి ఇచ్చి కొత్తది తీసుకొమ్మంటారు. పక్క పొలంలో విత్తనం పడుతుండగా రైతు రెండు మూడు రోజుల్లో నిర్ణయం తీసుకోవలసి వస్తుంది. ఆ నిర్ణయం వల్ల ఏర్పడే అప్పు మాత్రం ఐదారేళ్ళు వెంటాడుతుంది.

ఆ రెండు మూడు రోజుల్లో రైతు పక్కన సాధారణంగా లేనివారు విస్తరణ శాస్త్రవేత్త. కొత్త ట్రాక్టరు ఎంపిక గురించి, దాని సంరక్షణ గురించి మనం శిక్షణ ఇస్తాము. చెడిన ట్రాక్టరును ఏమి చేయాలన్న ప్రశ్నను మాత్రం మెకానిక్కుకూ డీలరుకూ వదిలివేశాము. వారిద్దరికీ ఆ నిర్ణయంలో స్వప్రయోజనం ఉంది. ఈ ప్రశ్నకు సమాధానం బండి వయసులో గాని, మరమ్మతు బిల్లు పెద్దదా చిన్నదా అన్నదానిలో గాని లేదనీ, రాబోయే సంవత్సరాల్లో ఏటా పడే ఖర్చులో, బండి ఏటా పనిచేసే గంటల్లో ఉన్నదనీ ఈ వ్యాసం చెప్పదలచుకున్నది. ఆ లెక్క రైతుతో కూర్చుని వేయడం మన బాధ్యతేనని నా అభిప్రాయం.

ముందు రోగ నిర్ధారణ

గేర్‌బాక్సు పోయిందన్న మాటను విన్న వెంటనే నమ్మకూడదు. ఇంజను వేగం పెరుగుతున్నా బండి ముందుకు సాగకపోతే క్లచ్ ప్లేటు అరిగి జారుతూ ఉండవచ్చు. గేరు మార్చేటప్పుడు పళ్ళు ఒరుసుకుంటున్నాయంటే క్లచ్ పూర్తిగా విడవడం లేదేమో, పెడలు ఆట సరిగా ఉన్నదో లేదో ముందు చూడాలి. పెడలు తొక్కినప్పుడు మాత్రమే చప్పుడు వస్తే క్లచ్ రిలీజ్ బేరింగును అనుమానించాలి. న్యూట్రల్‌లో ఉండి, పెడలు తొక్కగానే ఆగిపోయే చప్పుడు గేర్‌బాక్సు లోపలికి వెళ్ళే షాఫ్టు బేరింగును సూచిస్తుంది. ఒకే గేరులో చప్పుడు వస్తే ఆ గేరు పళ్ళను, మలుపుల్లో మాత్రమే వస్తే డిఫరెన్షియల్‌ను పరీక్షించాలి. వీటిలో కొన్ని కొద్దిపాటి ఖర్చుతో సరిపోయేవి. కొన్నింటికి ట్రాక్టరును రెండుగా విడదీయవలసి ఉంటుంది.

ఆయిల్ మరొక సాక్షి. డ్రెయిన్ ప్లగ్గు తీసినప్పుడు వచ్చే ఆయిల్ పాలవలె తెల్లబారి ఉంటే నీరు చేరిందని అర్థం. వరి ప్రాంతాల్లో దమ్ము చేసేటప్పుడు వెనుక ఇరుసు దగ్గరి సీళ్ళు బురదలో మునుగుతాయి. అవి అరిగితే నీరు లోపలికి వెళ్తుంది. అనేక ట్రాక్టర్లలో గేర్‌బాక్సుకూ హైడ్రాలిక్ వ్యవస్థకూ ఒకే ఆయిల్ కావడం వల్ల నష్టం రెండింటికీ పాకుతుంది. ప్లగ్గుకు ఇనుప ముక్కలు అంటి ఉంటే పళ్ళో బేరింగులో విరిగినట్లు. అప్పుడు విప్పి చూడనిదే ఖర్చు అంచనా చెప్పడం ఊహ మాత్రమే. విప్పడానికి అయ్యే కూలిని ముందే మాట్లాడుకుని, విప్పిన తరువాత చెడిన భాగాల జాబితాను విడిభాగాల ధరలతో సహా రాయించుకోవాలి. నిర్ణయం ఆ కాగితం చేతికి వచ్చిన తరువాతే మొదలుకావాలి.

గతించిన ఖర్చు, రాబోయే ఖర్చు

ఇటువంటి వేళ రైతు నోట తరచు వినిపించే మాట, నిరుడే ఇంజను బోరు చేయించాను, ఇప్పుడెలా వదులుకుంటాను అన్నది. ఈ మాటలో బాధ నిజం, తర్కం సగమే నిజం. నిరుడు ఖర్చయిన సొమ్ము బండిని ఉంచినా అమ్మినా తిరిగి రాదు, కనుక అది లెక్కలోకి రాకూడదు. అయితే ఆ సొమ్ముతో బాగుపడిన ఇంజను ఈనాటి ఆస్తి. అది ఇంకా ఎన్నేళ్ళు నిలుస్తుందన్నది లెక్కలోకి తప్పక రావాలి.

దీనికి ఎదురుగా మరొక మాట ప్రచారంలో ఉంది: మరమ్మతు ఖర్చు బండి విలువలో సగం దాటితే వదిలేయాలని. ఏ విలువలో సగం? చెడి ఉన్న స్థితిలో వచ్చే ధరలోనా, బాగైన తరువాత వచ్చే ధరలోనా? ఇదే తేలదు. పైగా బండిని వదిలేస్తే రైతు పనులు ఆగవు. వాటికి మరొక యంత్రం కావాలి. ఆ మరొక యంత్రం ఖర్చుతో పోల్చకుండా మరమ్మతు ఖర్చు ఎక్కువని గాని తక్కువని గాని అనలేము.

ఒక నమూనా లెక్క

వ్యవసాయ యంత్రాల నిర్వహణ వ్యయాన్ని లెక్కించడానికి భారతీయ ప్రమాణం 9164 ఉంది. విద్యార్థులు తరుగుదల, వడ్డీ, మరమ్మతులు అన్న శీర్షికలను పాఠ్యాంశంగా చదువుకుంటారు. అదే పద్ధతిని ఇక్కడ వాడవచ్చు. కింది అంకెలు బోధన కోసం అనుకున్నవి. ప్రతి రైతు తన అంకెలను వేసుకోవాలి.

14 ఏళ్ళ వయసున్న 45 హెచ్.పి. ట్రాక్టరును తీసుకుందాం. చెడి ఉన్న స్థితిలో అమ్మితే రూ. 1,50,000 వస్తుంది. గేర్‌బాక్సు పూర్తి మరమ్మతుకు రూ. 90,000 అవుతుంది. బండిని ఉంచుకోవడమంటే అమ్మితే వచ్చే సొమ్మును వదులుకోవడమే కనుక పెట్టుబడి రూ. 2,40,000. నాలుగేళ్ళు నడిపి రూ. 1,20,000కు అమ్మితే తరుగుదల ఏటా రూ. 30,000. సగటు పెట్టుబడి రూ. 1,80,000 మీద 10 శాతం వడ్డీ రూ. 18,000. చిన్న మరమ్మతులు, రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ వంటివి ఏటా రూ. 30,000. నాలుగేళ్ళలో రాగల టైర్లు, హైడ్రాలిక్ పనులకు రూ. 60,000, అంటే ఏటా రూ. 15,000. మొత్తం ఏటా రూ. 93,000.

కొత్త ట్రాక్టరు ధర రూ. 8,00,000, ఆయుష్షు 10 ఏళ్ళు, చివరి విలువ 10 శాతం అనుకుంటే తరుగుదల ఏటా రూ. 72,000. సగటు పెట్టుబడి రూ. 4,40,000 మీద వడ్డీ రూ. 44,000. పాతదానికన్నా అదనంగా కట్టవలసిన బీమా రూ. 10,000, మరమ్మతులు రూ. 20,000. మొత్తం రూ. 1,46,000. డీజిలు, డ్రైవరు ఖర్చులు రెండింటికీ దాదాపు సమానమని వదిలేశాము. పదేళ్ళ తరువాత బజారులో రూ. 2,50,000 వస్తుందనుకున్నా ఏటా ఖర్చు రూ. 1,37,500 అవుతుంది; తీర్పు మారదు.

ఈ ఉదాహరణలో మరమ్మతు ఖర్చు చెడిన బండి విలువలో 60 శాతం. సగం సూత్రం ప్రకారం బండిని వదిలేయాలి. ఏటా లెక్క ప్రకారం ఉంచుకోవడమే రూ. 53,000 చవక.

అయితే ఈ ఫలితం ఒక షరతుపై ఆధారపడి ఉంది. మరమ్మతు చేసిన బండి నాలుగేళ్ళకు బదులు రెండేళ్ళే నిలిచి, రూ. 1,00,000కు అమ్మవలసి వస్తే, టైర్లు, హైడ్రాలిక్ పనుల ఖర్చు కూడా ఆ రెండేళ్ళలోనే పడితే, ఏటా ఖర్చు రూ. 1,47,000కు చేరుతుంది. అంటే కొత్తదానితో సమానం. కావున రైతు అడగవలసిన అసలు ప్రశ్న గేర్‌బాక్సుకు ఎంతవుతుందని కాదు. గేర్‌బాక్సు బాగైతే మిగిలిన బండి ఇంకా ఎన్నేళ్ళు పనిచేస్తుందని. ఇంజను పొగ, ఆయిల్ ఒత్తిడి, హైడ్రాలిక్ లిఫ్టు, ముందు ఇరుసు, స్టీరింగు, బ్రేకులు అన్నీ అదే రోజున పరీక్షించాలి.

అదను విలువ, గంటల విలువ

పై లెక్కలో ఒక పెద్ద అంశం లేదు. పాత బండి పని రోజుల్లో ఆగిపోతే కలిగే నష్టం అది. సొంత పొలంతో పాటు కిరాయికి కూడా దున్నే రైతుకు పని దొరికే రోజున నికరంగా రూ. 5,000 మిగులుతుందనుకుందాం. పాత బండి కొత్తదానికన్నా ఏటా 11 పని రోజులు అదనంగా నిలిచిపోతే రూ. 53,000 ఆదా అంతా హరించుకుపోతుంది. ఏటా 800, 1000 గంటలు కిరాయికి తిప్పేవారికి కొత్త ట్రాక్టరు సమంజసం కావడానికి కారణం ఇదే. సొంత పొలానికే వాడుకునే రైతుకు ఆ 11 రోజుల ప్రశ్న అంత తీవ్రంగా ఉండదు. అయినా విత్తే అదను తప్పితే దిగుబడిపై పడే ప్రభావాన్ని ఆయన కూడా లెక్కించుకోవాలి.

మరొక వైపున, రెండు మార్గాలూ తగని రైతు కూడా ఉన్నారు. కిరాయి ట్రాక్టరు గంటకు రూ. 1,200 అనుకుందాం. సొంత బండికైనా డీజిలు, డ్రైవరు కలిపి గంటకు రూ. 500 అవుతుంది కనుక కిరాయిలోని అసలు అదనపు భారం రూ. 700. రూ. 93,000ను దీనితో భాగిస్తే సుమారు 133 గంటలు. ఏటా అంతకన్నా తక్కువ గంటలు వాడే రైతుకు బాగుచేయించడం కన్నా అమ్మివేసి కిరాయికి తెచ్చుకోవడమే మేలు. కొత్త ట్రాక్టరుకు ఈ హద్దు సుమారు 209 గంటలు. వాడకం తగ్గితే చిన్న మరమ్మతులూ కొంత తగ్గుతాయి కనుక ఈ హద్దులు స్థూలమైనవే. కాని దిశ స్పష్టం.

వ్యవసాయ యాంత్రీకరణ ఉప మిషన్ 2014-15లో ప్రారంభమైనప్పటి నుంచి యంత్ర పరికరాల అద్దె కేంద్రాలకు ప్రోత్సాహం లభిస్తున్నది. అయితే గ్రామమంతా ఒకే వారంలో దున్నే చోట కిరాయి బండి మన వంతు వచ్చేవరకు ఆగాలి. అద్దె కేంద్రం ఎంత దూరంలో ఉంది, తొలకరిలో ఎన్ని రోజుల్లో బండి పంపగలదు అన్నది తెలుసుకోకుండా సొంత బండిని అమ్మమని సలహా ఇవ్వడం తగదు.

మార్చక తప్పని సందర్భాలు

గేర్‌బాక్సు హౌసింగు పగిలినప్పుడు, నమూనా తయారీ ఆగిపోయి విడిభాగాలు దొరకనప్పుడు, ఇంజను కూడా పెద్ద మరమ్మతుకు దగ్గరపడినప్పుడు బండిని మార్చడమే వివేకం. బ్రేకులు, స్టీరింగు నమ్మదగిన స్థితికి రావని తేలితే ఎంత ఆదా కనిపించినా ఆ బండిని రోడ్డు ఎక్కించకూడదు. తుక్కులో కొన్న పాత గేర్‌బాక్సును యథాతథంగా బిగించే పద్ధతి చవకే. కాని దాని గతం ఎవరికీ తెలియదు. విప్పి పళ్ళు, బేరింగులు చూసిన తరువాతే దానికి ధర కట్టాలి.

మార్చడానికి కారణాలు కానివి కూడా కొన్ని ఉన్నాయి. 15 ఏళ్ళు నిండితే ట్రాక్టరును తుక్కుకు ఇవ్వాలన్న భయం గ్రామాల్లో ఉంది. వ్యవసాయ ట్రాక్టరు రవాణా వాహనం కాదు. 15 ఏళ్ళ తొలి రిజిస్ట్రేషన్ ముగిసిన తరువాత ఐదేళ్ళ చొప్పున పునరుద్ధరించుకోవచ్చు. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్లపై వస్తు సేవల పన్ను 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గిన మాట నిజమే. తగ్గిన ధరనే లెక్కలో వేసుకోవాలి. తగ్గింది కనుక కొనాలన్నది లెక్క కాదు. అప్పుతో కొనేవారు మరొకటి గమనించాలి. ఏటా సగటు ఖర్చు రూ. 1,46,000 అయినా, ఐదేళ్ళ అప్పు వాయిదాలు ఆ సగటును మించి మొదటి ఐదేళ్ళలోనే పడతాయి. ఆ ఐదేళ్ళలో ఒక పంట పోతే వాయిదా ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్నకు సమాధానం సంతకానికి ముందే ఉండాలి.

మనం చేయవలసినది

ఇందుకు పెద్ద పథకాలేమీ అక్కరలేదు. మొదటిది, కృషి విజ్ఞాన కేంద్రాలూ ఏరువాక కేంద్రాలూ పై లెక్కను ఒకే పుటలో, ఖాళీ గడులతో తెలుగులో ముద్రించి అందుబాటులో ఉంచాలి. వచ్చే ధర, మరమ్మతు ఖర్చు, నిలిచే సంవత్సరాలు, ఏటా గంటలు, ఆగే రోజులు అన్న ఐదు అంకెలు రైతు చెబితే మిగిలినది శాస్త్రవేత్త పూరించగలగాలి. రెండవది, ట్రాక్టరు గంటల మీటరును రైతులు చూసి రాసుకునేటట్లు అలవాటు చేయాలి. తన బండి ఏటా 150 గంటలు నడుస్తున్నదో 500 గంటలు నడుస్తున్నదో తెలియని రైతు ఏ నిర్ణయమైనా ఊహతోనే చేస్తారు. మూడవది, అనంతపురం జిల్లా గార్లదిన్నెలోని దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ వంటి చోట్ల లభించే శిక్షణను ఇంజనీరింగ్ విభాగం వారే కాక విస్తరణ విభాగం వారు కూడా పొందాలి. గేర్‌బాక్సు విప్పడం మనకు రానక్కరలేదు. విప్పినప్పుడు ఏమి అడగాలో తెలియాలి. నాలుగవది, గ్రామీణ అనుభవ కార్యక్రమానికి వెళ్ళే విద్యార్థులు ఒక్కొక్కరు ఒక పాత ట్రాక్టరు లెక్కను రైతుతో కలిసి పూర్తిచేయాలి. ఆ లెక్కలు జిల్లాల వారీగా కూడితే, ఇక్కడ మేము అనుకున్న అంకెల స్థానంలో నిజమైన అంకెలు వచ్చి చేరుతాయి.

అన్నిటికన్నా ముఖ్యం సమయం. ఈ లెక్క తొలకరిలో, బండి పొలం గట్టున ఆగిన రోజున వేయవలసినది కాదు. రబీ పనులు ముగిసి బండి షెడ్డుకు చేరినప్పుడే ఆయిల్ పరీక్షించి, చప్పుళ్ళు విని, ఒక పూట కూర్చుని వేయాలి. అప్పుడు మెకానిక్కుకు తీరిక ఉంటుంది, విడిభాగాలకు బేరమాడే వీలుంటుంది, రైతుకు ఆలోచించే వ్యవధి ఉంటుంది. మన వేసవి శిక్షణల్లో ఆ ఒక్క పూటను చేర్చగలిగితే, జూన్‌లో తొందరపడి చేసే సంతకాలు కొన్నైనా తగ్గుతాయి.