53 మంది పేర్లు

‘ఇంద్రధనుస్సు టూరిజం’ అనే మాట విన్నప్పుడల్లా ఒళ్లు మండుతుంది. సిడ్నీని చూడండి, బ్యాంకాక్‌ని చూడండి, ప్రైడ్ ఉత్సవాలు వచ్చాయంటే హోటళ్లు కిటకిట, విమానాలు కిటకిట. ఎల్‌జీబీటీక్యూ పర్యాటకులు చేతికి ఎముక లేకుండా ఖర్చుపెడతారు. మన నగరాల్లోనూ నాలుగు రంగుల జెండాలు కడితే నాలుగు డాలర్లు రాలతాయి. వాదన ఇదీ. చేస్తున్నది ఛాందసులు కారు. ‘ఇది మన సంస్కృతి కాదు’ అని విరుచుకుపడేవాళ్లతో పేచీ పాతదే, దాన్ని ఇక్కడ మళ్లీ తవ్వను. ప్రైడ్‌కి మద్దతు పలుకుతూనే మనుషుల్ని హోటల్ బిల్లులుగా లెక్కగట్టే పెద్దమనుషులతోనే నా తగువు.

వాళ్లే సిడ్నీ పేరెత్తారు కాబట్టి సిడ్నీ సంగతే చూద్దాం. ఎంతమంది పర్యాటకులు వచ్చారో, ఎన్ని కోట్లు వచ్చాయో గడగడా చెప్పేవాళ్లలో ఒక్కరి నోటా ఒక అంకె రాదు. 53.

1978 జూన్ 24, శనివారం రాత్రి. అక్కడ జూన్ అంటే చలికాలం. న్యూయార్క్‌లోని స్టోన్‌వాల్ బార్ దగ్గర 1969లో పోలీసులకు ఎదురుతిరిగిన ఘటనను తలచుకుంటూ టేలర్ స్క్వేర్ నుంచి ఊరేగింపు బయల్దేరింది. ముందు ఒక లారీ, దానిమీద మైకు, వెనక రకరకాల వేషాల్లో ఆడుతూ పాడుతూ జనం. అనుమతి తీసుకునే కదిలారు. ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్ దాటి హైడ్ పార్క్ చేరేసరికి పోలీసులు లారీని, మైకును స్వాధీనం చేసుకున్నారు. జనం ఇళ్లకు పోలేదు, కింగ్స్ క్రాస్ వైపు మళ్లారు. అక్కడ పోలీసులు చుట్టుముట్టి, చితకబాది, 53 మందిని వ్యాన్లలోకి తోశారు.

అసలు దెబ్బ ఆ తర్వాత పడింది. అరెస్టయినవాళ్ల పేరు, చేసే పని, ఉండే చిరునామా ‘సిడ్నీ మార్నింగ్ హెరాల్డ్’ పత్రిక అచ్చేసింది. కన్నవాళ్లకు తెలియనివి, పైఅధికారికి తెలియకూడనివి పొద్దుటి కాఫీ బల్లల మీదికి చేరాయి. ఉద్యోగాలు పోయినవాళ్లున్నారు, ఇల్లు ఖాళీ చేయాల్సి వచ్చినవాళ్లున్నారు. కేసులు చాలామటుకు తర్వాత ఎత్తేశారు. అచ్చయిన పేర్లను ఎత్తేయడం ఎవరి తరం?

ఆ రాత్రి ఊరేగింపే ఈనాడు జగమంతా చెప్పుకునే మార్డి గ్రా. చలి బాధ పడలేక 1981లో దాన్ని వేసవికి మార్చుకున్నారు. అప్పటికి అక్కడ మగవాళ్ల మధ్య స్వలింగ సంపర్కం నేరమే. న్యూ సౌత్ వేల్స్ ఆ చట్టాన్ని మార్చింది 1984లో. రాష్ట్ర పార్లమెంటు, పత్రిక ఆ 53 మందికి క్షమాపణ చెప్పింది 2016లో, అంటే 38 ఏళ్లకు. 2023లో వరల్డ్ ప్రైడ్‌కి ఆస్ట్రేలియా ప్రధాని ఆల్బనీస్ స్వయంగా ఊరేగింపులో నడిచారు, హార్బర్ బ్రిడ్జి మీద 50 వేల మంది నడిచారు. మనవాళ్లు చూపిస్తున్న ఫొటో ఈ చివరిది. పర్యాటకులు వచ్చి సిడ్నీని మార్చలేదు. ముందు 53 మంది దెబ్బలు తిన్నారు, ఆ తర్వాత ఎప్పటికో టికెట్లు అమ్ముడయ్యాయి.

ఇంకో ముచ్చట. 2013లో టేలర్ స్క్వేర్ దగ్గర రోడ్డు దాటేచోట ఇంద్రధనుస్సు రంగులు వేశారు. తీరా పండగ అయ్యాక రోడ్డు భద్రత పేరు చెప్పి రాష్ట్ర ప్రభుత్వం దాన్ని పెకలించేసింది. ఊరి జనం ఏం చేశారంటే, పిల్లలు బడిలో వాడే సుద్దముక్కలు పట్టుకుని తమ తమ వీధుల్లో తామే రంగులు గీసుకున్నారు. వానొస్తే పోయే రంగులు! ఆరేళ్లకు అక్కడే శాశ్వతమైనది వచ్చింది.

ఆదాయం చేదా అంటే కాదు. ప్రైడ్ వారంలో క్యాబ్ డ్రైవర్‌కి నాలుగు ట్రిప్పులు ఎక్కువ పడితే సంతోషమే. కాకపోతే లాభం చూసి తెరిచిన తలుపు నష్టం చూసి మూసుకుంటుంది. ఒకప్పుడు వేలకు వేలు ప్రైడ్‌లో నడిచిన ఇస్తాంబుల్‌లో 2015 నుంచి నిషేధమే. అది పర్యాటకులు లేని ఊరా? బుడాపెస్ట్‌కి పర్యాటకులు తక్కువా? 2025 మార్చిలో హంగరీ పార్లమెంటు ప్రైడ్‌ని అడ్డుకునే చట్టం తెచ్చి, పాల్గొన్నవాళ్లకు 2 లక్షల ఫోరింట్ల దాకా జరిమానా అంది, ముఖాలు పసిగట్టే కెమెరాలకు అనుమతిచ్చింది. 1978లో పత్రిక చేసిన పనిని 2025లో కెమెరాకు అప్పగించారన్నమాట. మేయర్ కరాచోన్ ప్రైడ్‌ని నగరపాలక సంస్థ కార్యక్రమంగా ప్రకటించాడు. జూన్ 28న లక్షమందికి పైగా వచ్చారని నిర్వాహకుల లెక్క. చట్టాన్ని ధిక్కరించి రోడ్డెక్కింది ఎక్కువగా ఆ దేశపు జనమే.

ఇక మన సంగతి. సిడ్నీ పత్రిక 53 పేర్లు అచ్చేసింది; మన దగ్గర పేర్లు రాయమని ఏకంగా చట్టమే ఉండేది. నిజాం కాలంలో, ఫసలీ 1329లో, అంటే 1919లో వచ్చిన యునక్స్ చట్టం. అనుమానితులంటూ హైదరాబాద్‌లోని హిజ్రాల పేర్లు, నివాసాలు రిజిస్టర్‌లో ఎక్కించాలి. అలా పేరెక్కినవాళ్లు ఆడవేషం కట్టి, నగలు పెట్టుకుని వీధిలో కనిపిస్తే, ఆడినా పాడినా, వారెంటు లేకుండా పట్టుకెళ్లొచ్చు, రెండేళ్ల దాకా జైలు. నిజాం పోయాడు, ఆంధ్రప్రదేశ్ వచ్చింది, సైబర్ టవర్స్ లేచింది, తెలంగాణ వచ్చింది. చట్టం మాత్రం పేరు మార్చుకుంటూ బతికింది. 2013లో హైదరాబాద్‌లో తొలి ప్రైడ్ నడిచిన నాటికీ అది పుస్తకాల్లో ఉంది. ఆ రోజు చీర కట్టుకుని, గాజులు వేసుకుని నడిచిన ఏ ట్రాన్స్ మహిళ పేరు ఆ రిజిస్టర్‌లో ఉన్నా, ఆమె కాగితం మీద నేరస్తురాలే! ట్రాన్స్ హక్కుల కార్యకర్త వైజయంతి వసంత మొగ్లి తదితరులు 2018లో పిటిషన్ వేస్తే 2023 జులైలో హైకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. 104 ఏళ్లు. ‘విశ్వనగరం’ అని హోర్డింగులు పెట్టిన ఏ ప్రభుత్వానికీ దాన్ని తనంతట తాను రద్దు చేయాలని తట్టలేదు.

2024 డిసెంబరులో ట్రాన్స్‌జెండర్లను ట్రాఫిక్ అసిస్టెంట్లుగా తీసుకున్నారు, మెచ్చుకోవాల్సిందే. సిగ్నల్ దగ్గర చప్పట్లు వినగానే కారు అద్దం ఎత్తేసుకున్నవాళ్లే, ఇప్పుడు ఆ చెయ్యి ఆపమంటే బ్రేకు వేస్తున్నారు. పర్యాటకంతో దీనికి పైసా సంబంధం లేదు.

ఇప్పుడు చెప్పండి, ఈ ప్యాకేజీలు ఎవరికి? సిడ్నీ నుంచి వచ్చిన విదేశీ జంటకు స్టార్ హోటల్లో గది, పూలగుత్తి, చిరునవ్వు. అదే సిడ్నీలో చట్టప్రకారం పెళ్లి చేసుకున్న ఇద్దరు తెలుగు అమ్మాయిలు శంషాబాద్‌లో దిగితే మన చట్టం ముందు వాళ్లిద్దరూ ఒకరికొకరు ఏమీ కారు. 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆ తలుపు మూసింది. అద్దెకు గది దొరక్క ఇల్లిల్లూ తిరిగే ట్రాన్స్ మహిళకు ఈ నగరం ఏ బ్రోషర్ చేతిలో పెడుతుంది? అతిథికి పాయసం, ఇంటి మనిషికి గంజి. పైగా ఆ పాయసానికీ బిల్లు!

ఇంద్రధనుస్సు బ్రోషర్ వేయాలని అంత ఉబలాటంగా ఉన్నవాళ్లు ముందు ఆ రిజిస్టర్లు తెరిపించమని అడగాలి. 104 ఏళ్లలో వాటిలోకి ఎన్ని పేర్లు ఎక్కాయి, ఎంతమందిని వీధిలోంచి లాక్కెళ్లారు, లెక్క బయటపెట్టమనాలి. 53 పేర్లు అచ్చేసిన పత్రిక 38 ఏళ్లకైనా ఆ మనుషుల ముందు తల వంచింది. మన రిజిస్టర్‌కి తల వంచేది ఎవరో, ఏ తేదీనో చెప్పండి. జెండాలు ఆ మర్నాడు కట్టొచ్చు.