సుంకం సరే, పూచీ ఎవరిది?

సంస్కృతంలో ఘట్టకుటీప్రభాత న్యాయమని ఒకటి ఉన్నది. సుంకం ఎగవేయదలచిన వర్తకుడొకడు రాజమార్గం విడిచిపెట్టి, రాత్రంతా డొంకదారుల్లో బండి తోలుకొంటూ తిరిగి తిరిగి, తెల్లవారేసరికి సరిగ్గా సుంకరి పాక ముందే తేలాడట. దేనిని తప్పించుకోవాలని చూస్తామో చివరకు దాని ఎదుటనే నిలబడవలసి రావడానికి ఈ న్యాయం చెబుతారు. రోడ్లమీద రద్దీ గురించీ, సుంకాల గురించీ, అభివృద్ధి గురించీ నగరవాసులు చేసే వాదాలు వింటూ ఉంటే ఆ బండి మనందరిదీ అనిపిస్తుంది. వెల చెల్లించకుండా రోడ్డు కావాలని ముప్ఫై యేండ్లుగా అడ్డదారులు వెదికాము. ఇప్పుడు సుంకరి పాక ఎదుటికే వచ్చాము.

మేముండేది హైదరాబాదులో, మెహిదీపట్నానికి పడమట ఉన్న ఒక పాత కాలనీలో. రెండు పెద్ద రహదారుల నడుమ మా వీథి అడ్డదారి. ఉదయం ఎనిమిదిన్నర మొదలు పదకొండు దాకా, మళ్ళీ సాయంత్రం అయిదు మొదలు తొమ్మిది దాకా వీథి దాటడం గండమే. దీనికి విరుగుడు ఆలోచించాలని కాలనీ సంఘం సమావేశం పెట్టింది. అక్కడ మూడు పక్షాలు తేలాయి. వీథికి రెండు వైపులా గేట్లు పెట్టి, బయటి వాహనాల దగ్గర మనమే రుసుము వసూలు చేద్దామన్నది మొదటి పక్షం. వీథిని వెడల్పు చేయించి, కూడలిలో పైవంతెన కట్టించమని అడుగుదాం, ఇండ్ల ధరలు కూడా పెరుగుతాయన్నది రెండవ పక్షం. లండనులో మాదిరి ప్రభుత్వమే రద్దీ సుంకం విధిస్తే సగం కార్లు ఇంటనే ఉంటాయన్నది మూడవ పక్షం. ఈ మూడు పక్షాలవారిలో ఒక్కరు కూడా నడిచేవాడి మాట ఎత్తలేదు. ఈ టపా వ్రాయడానికి కారణం అదే.

మొదటి పక్షాన్ని ముందుగా చూద్దాం. లేఅవుటుకు అనుమతి తీసికొన్ననాడే అందులోని వీథులు ప్రజల సొత్తయినవి. మన గుమ్మం ముందు ఉన్నంత మాత్రాన వీథి మనది కాదు. ఆ సంగతి అటుంచి, ఈ ‘బయటివాళ్ళు’ అనే మాటను కాస్త పరీక్షించండి. మా కాలనీ కార్లు పొద్దున్నే ఎక్కడికి పోతున్నాయి? గచ్చిబౌలికి, మాదాపురానికి, నాంపల్లికి. దారిలో పది కాలనీల వీథులగుండానే పోతున్నాయి. ఆ పది కాలనీలకూ మనమే బయటివాళ్ళం. ప్రతి గుమ్మం ముందూ ఒక సుంకరి కూర్చుంటే ఈ నగరం నగరంగా ఉండదు, నూరు ముక్కలుగా చీలిన పాలెపట్టుల సముదాయమవుతుంది.

సుంకం అన్న మాట సంస్కృత శుల్కానికి తద్భవం. శుల్కమంటే వెల. వెల పుచ్చుకొన్నవాడు ఏదో ఒకటి ఇవ్వాలి. కౌటిల్యుని అర్థశాస్త్రంలో అంతపాలుడనే అధికారి ఉన్నాడు. సరకుబండికి పణమూ పాతికా చొప్పున దారి సుంకం తీసికొంటాడు. ఆ వెనువెంటనే కౌటిల్యుడు అతనికొక బాధ్యత కూడా అంటగట్టాడు. దారిలో వర్తకుని సొత్తు పోయినా, దొంగలెత్తుకుపోయినా ఆ నష్టాన్ని అంతపాలుడే భరించాలి. సుంకమంటే ఇదీ. దారికి పూచీపడినవాడికే దారి సుంకం అడిగే హక్కు. గేటు దగ్గర పది రూపాయలు వసూలు చేద్దామన్న మా సంఘంవారు, ఆ వీథిలో ఎవరైనా గుంతలో పడి కాలు విరుగగొట్టుకొంటే ఆసుపత్రి ఖర్చు భరిస్తారా? అడిగాను. సమాధానం రాలేదు.

రెండవ పక్షంవారిది అభివృద్ధి మంత్రం. తెలుగు పండితుడిగా ఈ మాటతో నాకు చిరకాల పరిచయం. వృద్ధి అన్న సంస్కృత పదం నుంచే మన వడ్డి వచ్చింది. అభివృద్ధి అనగానే వృద్ధి మనకనీ వడ్డీ వేరొకరికనీ అనుకోవడమే తప్పు. షేక్‌పేట పైవంతెననే తీసికొనండి. 2022 జనవరి 1న ప్రారంభమైంది. సుమారు 2.8 కిలోమీటర్ల పొడవు, ఖర్చు 300 కోట్లకు పైమాట. దానివల్ల మేలు జరుగలేదని నేననను. పైన పోయే కార్లకు కొన్ని నిమిషాలు కలిసివచ్చాయి. కాని వంతెన వాహనాన్ని మాయం చేయదు. ఒక కూడలిలో పైకెత్తి ముందున్న కూడలిలో దింపుతుంది. దారి సుఖంగా ఉన్నదని తెలియగానే, అంతవరకు బస్సెక్కినవాడు కారు తీస్తాడు. వేళ మార్చుకొన్నవాడు మళ్ళీ రద్దీవేళకే బయలుదేరుతాడు. కొన్నాళ్ళకు వంతెన కూడా నిండుతుంది. అప్పుడు మరొక వంతెన అడుగుతాం. 2016లో కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయోద్యానం చుట్టూ వంతెనల కోసం చెట్లు కొట్టివేయబోతున్నారని నగరవాసులు వీథికెక్కి నిరసన తెలిపినప్పుడు, వారిని అభివృద్ధి నిరోధకులని వెక్కిరించినవారున్నారు. చెట్టు నీడను నమ్ముకొని నడిచేవాడు నిరోధకుడూ, చల్లని కారులో కూర్చున్నవాడు అభివృద్ధి కాముకుడూనా?

ఇక మూడవ పక్షం. ముగ్గురిలోనూ కాస్త చదువుకొని మాట్లాడినవారు వీరే. కాని లండనును సగమే చదివారు. ఆ నగరంలో 2003 ఫిబ్రవరి 17న రద్దీ సుంకం మొదలైంది. అప్పుడు రోజుకు 5 పౌండ్లు, 2020 నాటికి 15 పౌండ్లు. మనవాళ్ళు ఇంతవరకే చెబుతారు. సుంకం మొదలైన నాడే అదనంగా 300 బస్సులు రోడ్డెక్కాయన్న మాట చెప్పరు. వచ్చిన ఆదాయాన్ని రవాణా వసతులకే ఖర్చు పెట్టాలని చట్టమే నిర్బంధించిందన్న మాట చెప్పరు. 2007లో ఆ సుంకాన్ని పడమటి పేటలైన కెన్సింగ్టన్, చెల్సీలకు విస్తరింపజేస్తే, స్థానికుల వ్యతిరేకత చల్లారక 2011 జనవరిలో ఎత్తివేశారన్న మాటా చెప్పరు.

స్టాక్‌హోం కథ ఇంకా నేర్వదగినది. 2006 జనవరి నుంచి జూలై వరకు పరీక్షగా సుంకం వసూలు చేశారు. అంతకు నెలల ముందే బస్సులు పెంచారు. సుంకం గీత దాటే వాహనాలు సుమారు అయిదవ వంతు తగ్గాయి. పరీక్ష ముగించి, సుంకం తీసివేసి, సెప్టెంబరులో జనాన్ని అడిగారు. నగరంలో ఉండేవారు కావాలన్నారు. చుట్టుపక్కల ఊళ్ళవారిలో పెక్కుమంది వద్దన్నారు. 2007 ఆగస్టు నుంచి సుంకం స్థిరపడింది. ముందు రుచి చూపించి తరువాత అడగడమంటే ఇది. న్యూయార్కులో 2025 జనవరి 5న మన్‌హట్టన్ 60వ వీథికి దక్షిణాన ప్రవేశించే కార్లకు 9 డాలర్ల సుంకం మొదలైంది. ఆ సొమ్ము భూగర్భ రైళ్ళకు, బస్సులకు. అక్కడ కూడా ‘బయటివాళ్ళ’ తగవు తప్పలేదు, పొరుగునున్న న్యూజెర్సీ రాష్ట్రం కోర్టుకెక్కింది. వీరందరికంటె ముందే 1975లో సింగపూరు ఈ పని చేసింది. అప్పట్లో నలుగురెక్కిన కారుకు సుంకం లేదు, ఒక్కడే ఊరేగే కారుకు ఉన్నది. ఆ తేడాలోనే నీతి అంతా ఉన్నది.

కనుక సుంకం పాపమని నా వాదం కాదు. పరాయి దేశాల సుంకాన్ని ఎరువు తెచ్చుకొని, దాని వెనుకనున్న బస్సును అక్కడే వదలివస్తే అది దోపిడి అవుతుందని నా వాదం.

దోపిడి అన్న మాట పరుషంగా తోస్తే మన దేశంలోని సంగతే చూడండి. ఢిల్లీ నుంచి నోయిడాకు 2001లో ఒక వేగమార్గం తెరిచారు. ఒప్పందం ప్రకారం కట్టిన సంస్థకు ఏటా నూటికి 20 వంతున లాభం దక్కాలి. ఏ ఏడాది తక్కువైతే ఆ తరుగును పెట్టుబడిలో కలుపుతారు. అంటే అప్పు తీర్చేకొద్దీ పెరుగుతుందన్నమాట. పల్లెటూళ్ళలో వడ్డీ వ్యాపారి చేసేదీ ఇదే. నోయిడా నివాసుల సంక్షేమ సంఘాల సమాఖ్య 2012లో కోర్టుకు వెళ్ళింది. 2016 అక్టోబరులో అలహాబాదు హైకోర్టు వసూలు ఆపించింది. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును ఖాయపరచింది. కాలనీ సంఘాలు తలచుకొంటే ఏమి చేయగలవో దీనివల్ల తెలుస్తుంది. వారు గేట్లు పెట్టలేదు, లెక్క అడిగారు.

ముంబయిలో మరొక విధం. 2024 అక్టోబరు 14న నగర ప్రవేశద్వారాలు అయిదింటి దగ్గర తేలిక వాహనాలకు సుంకం రద్దు చేశారు. మరునాడే శాసనసభ ఎన్నికల తేదీలు వెలువడ్డాయి. కార్లవాళ్ళు చప్పట్లు కొట్టారు. కాని ఆ లోటు ఖజానాదే. ఖజానాలో కారులేనివాడు కొన్న సరకుల మీది పన్ను కూడా ఉంటుంది. సుంకం విధించడంలో ఎంత అన్యాయం జరగవచ్చునో, తీసివేయడంలోనూ అంత జరగవచ్చు.

మన ఊరి సంగతికి వద్దాం. 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారి మీద సుంకం వసూలు చేసికొనే హక్కును 2023లో 30 ఏండ్లకు 7,380 కోట్ల రూపాయలకు కౌలుకిచ్చారు. ఆ ఏడు పుట్టిన బిడ్డకు ముప్ఫై ఏండ్లు నిండేదాకా ఆ సుంకం కౌలుదారుదే. ధర ఎక్కువో తక్కువో తేల్చడం నా పని కాదు, దానిమీద రాజకీయపక్షాలు కావలసినంత వాదించుకొన్నాయి. నేనడిగేది వేరు. ముప్ఫై ఏండ్ల రాబడిని ఒక్క తడవలో పుచ్చుకొన్నప్పుడు, ముప్ఫై ఏండ్లు నిలిచే మేలు ఏది కనబడాలి? ఎన్ని బస్సులు? ఎన్ని కాలిబాటలు? ఈ ప్రశ్న మా సమావేశంలో ఎందుకు రాలేదు?

ఎందుకంటే అడగవలసినవారు అక్కడ లేరు. సమావేశానికి పిలుపు ఇండ్ల యజమానులకే వెళ్ళింది. కిరాయికుండేవారు లేరు. తోపుడుబండి మీద కూరలు తెచ్చే ముసలాయన లేడు. నాలుగిండ్లలో పాచిపని చేసి బ్రతికే ఆమె లేదు. ఆమె ప్రొద్దున ఆరున్నరకు బస్సు దిగి, రెండు వైపులా చూసి, చేయి అడ్డుపెట్టి, పరుగున రోడ్డు దాటుతుంది. కాలిబాట మీద మా కార్లే నిలిపి ఉంటాయి గనుక రోడ్డంచున నడుస్తుంది. రోడ్డు సుంకం గురించి మనం ఇప్పుడిప్పుడే మాట్లాడుకొంటున్నాం. ఆమె ఎన్నో యేండ్లుగా కడుతూనే ఉన్నది, కాలంతోనూ ప్రాణభయంతోనూ. ఆమె ముందు పెట్టిన రసీదు పుస్తకం ఏదీ లేదు గనుక ఆ సుంకం ఎవరి లెక్కలోకీ రాదు. సుంకరి దగ్గర సుఖదుఃఖాలు చెప్పుకొన్నట్లు అని సామెత. ఆమె విషయంలో ఆ సుంకరులం మనమే.

ఈ మాట అన్నందుకు ఒక పెద్దమనిషి, “మాస్టారూ, మీకు కారు లేదు గనుక ఎన్నైనా చెబుతారు” అన్నారు. కారు లేకపోవడం వాదానికి అనర్హత ఎప్పటినుంచి అయింది? రోడ్డు మీద కారు లేనివాడికి ఉన్న హక్కు కారున్నవాడి దయాధర్మం కాదు. పైగా కారున్నవారు కూడా కారు దిగిన మరుక్షణం నడిచేవారే. వారి తల్లిదండ్రులు నడిచేవారే. బడి నుంచి వచ్చే వారి పిల్లలు నడిచేవారే.

కాకతి గణపతిదేవుడు పదమూడవ శతాబ్దిలో మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించాడు. ఓడలు ఒడ్డుకు కొట్టుకొనివస్తే అందులోని సరకంతా పూర్వరాజులు లాగుకొనేవారు. ఇక మీదట నిర్ణీతమైన సుంకం తప్ప వేరేమీ తీసికోమని మాట ఇచ్చి, ఏ సరకుకు ఎంతో రాతిమీద చెక్కించి అందరికీ కనబడేటట్లు నిలబెట్టాడు. సుంకానికి అభయమని పేరు పెట్టిన జాతి మనది. ఆ పాటి మర్యాద నేటి ప్రభుత్వాల దగ్గరా, కాలనీ సంఘాల దగ్గరా ఆశించడం అత్యాశ కాదు.

అందుచేత నా పక్షం నాలుగు మాటల్లో చెబుతాను. బస్సూ, కాలిబాటా, రోడ్డు దాటే వసతీ ముందు రావాలి, సుంకం తరువాత రావాలి. వచ్చిన సొమ్ము ఎక్కడికి పోతుందో వసూలుకు ముందే చట్టంలో వ్రాయాలి. పెట్టుబడి ఎంత, రాబట్టినదెంత, మిగిలినదెంత అన్నది వసూలు చేసేచోటనే పలక మీద వ్రాసి పెట్టాలి, ముగిసే తేదీ సహా. నడిచేవాడూ, బస్సెక్కేవాడూ ఆ నిర్ణయంలో కూర్చోవాలి. ఈ నాలుగూ ఒప్పుకొన్న సుంకానికి, కారు లేకపోయినా, నేను మొదటి సంతకం పెడతాను. ఒప్పుకోనిది లండనునుంచి వచ్చినా, మా గేటునుంచి వచ్చినా ఎదిరిస్తాను.

మా సంఘానికి లిఖితపూర్వకంగా ఒక్కటే అడిగాను. గేటుకూ వంతెనకూ తీర్మానం చేయకముందు, కాలిబాట మీద నిలిపిన మన కార్లను తీసివేయడానికి తీర్మానం చేయండి. దానికి ఏ ప్రభుత్వం అనుమతీ అక్కరలేదు, కాణీ ఖర్చు లేదు. అదొక్కటి చేయగలిగితే మిగిలిన వాదాలకు మనకు నోరుంటుంది. ఇంకా జవాబు రాలేదు.

మిత్రులారా, మీ మీ కాలనీల్లోనూ ఈ తగవు ఉండే ఉంటుంది. నాతో ఏకీభవించనివారు మొహమాటపడకుండా ఖండించండి. కాని ఖండించేముందు ఒక్కసారి, రద్దీవేళ, ఒంటరిగా, మీ ఇంటి ముందు రోడ్డు నడిచి దాటి రండి.