ఆ కప్పుని తోమకండి!

మొన్న ఆదివారం మా వదినగారు, అంటే మావారి అక్కయ్య, మా ఇంటికొచ్చారు. కుశలప్రశ్నలు అయ్యాక టీ పెట్టి ఇచ్చాను. ఆవిడ కప్పు చేతిలోకి తీసుకున్నారు గానీ తాగలేదు. వెలుతురు వైపు తిప్పి చూశారు. కొంగుతో అంచు తుడిచి, ఆ కొంగు చూసుకున్నారు. ఆఖరికి, "ఏమ్మాయ్, పనిమనిషి మానేసిందా?" అన్నారు.

"లేదండీ, వస్తూనే ఉంది."

"మరి పాలు అయిపోయాయా?"

రెండు ప్రశ్నలూ న్యాయమైనవే. కప్పు నిండా వెంట్రుకల్లాంటి గోధుమరంగు గీతలు, ఆ గీతల మధ్య అక్కడక్కడ తేనెరంగు మచ్చలు. లోపల పాలు లేని టీ. పైగా కప్పు ఎత్తి చూస్తే అడుగున చిన్న గాటు, పెచ్చు ఊడినట్టు. ఆడపడుచుకి ఇలాంటి కప్పులో ఇలాంటి టీ ఇచ్చిన ఇల్లాలి గురించి ఎవరైనా ఏమనుకుంటారు? ఆవిడా అదే అనుకున్నారు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఆవిడతో చెప్పగలిగినంత అప్పుడే చెప్పాను. మిగిలింది ఇక్కడ చెప్తాను, వినండి.

ఆ కప్పులు మా తమ్ముడు తెచ్చాడు. జపానులో నాలుగేళ్ళు ఉద్యోగం చేసి వస్తూ, చిన్న చెక్కపెట్టెలో రెండు కప్పులు పెట్టి తెచ్చాడు. పదకొండేళ్ళయింది. అప్పుడవి మీగడరంగులో, ఓ పక్క లేత గులాబీ ఛాయతో, ముట్టుకుంటే మాసిపోతాయేమో అన్నట్టుండేవి. మొదటిరోజు టీ పోసి బల్లమీద పెడితే, కాసేపటికి కప్పు కింద గుండ్రంగా తడి. "సముద్రాలు దాటి చిల్లికప్పు మోసుకొచ్చావుట్రా?" అన్నాను. వాడు నవ్వి, "చిల్లి కాదక్కా, దాని స్వభావమే అంత. గంజిలో మరగబెట్టు, తగ్గుతుంది" అన్నాడు.

గంజి అనేసరికి నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. మన అమ్మమ్మలు కొత్త మట్టికుండకీ, కొత్త రాచ్చిప్పకీ చేసిన వైద్యం అదే కదా! అక్కడా అంతేట. కొత్త కప్పుని బియ్యపు గంజిలో మరిగిస్తే ఆ జిగురు మట్టిలోని సన్నరంధ్రాల్లోకి దూరి కారడం తగ్గిస్తుంది. మిగతాది టీ చూసుకుంటుంది.

వీటిని హగి పాత్రలంటారు. జపానులో పెద్దదైన హొన్షూ ద్వీపానికి పడమటి కొసన యామాగుచి అనే రాష్ట్రం ఉంది. అందులో సముద్రం ఒడ్డున ఉన్న ఊరు హగి. వాళ్ళు వాడే మట్టిలో ముఖ్యమైనదాన్ని దైదో అంటారు. తెల్లగా, ఇసుకగా ఉండే మట్టి. పింగాణీని 1300 డిగ్రీల దరిదాపుల్లో కాల్చి గాజులా గట్టిపరుస్తారు. హగి మట్టి అలా గాజు కాదు. కొండవాలున మెట్లుమెట్లుగా కట్టిన ఆవంలో కాలి బయటికొచ్చాక కూడా గుల్లగానే ఉంటుంది. చల్లారేటప్పుడు పైనున్న పూత లోపలి మట్టికన్నా ఎక్కువ ముడుచుకుంటుంది. లోపలిది లొంగదు, పైదే సన్నగా చిట్లుతుంది. ఆ చిట్లులే వదినగారు చూసిన గీతలు. టీ పోసిన ప్రతిసారీ కాస్త టీ వాటిలోంచి దిగి మట్టికి అంటుకుంటుంది. అలా ఏళ్ళు గడిచేకొద్దీ రంగు ముదురుతుంది, కారడం ఆగిపోతుంది. దీన్ని వాళ్ళు హగి ఏడు మార్పులంటారు. ఏడని లెక్కేమీ లేదు, 'ఎన్నో' అని అర్థం. టీ వేడుకల్లో పాత్రలకి ర్యాంకులిస్తూ మొదటిది రాకు, రెండోది హగి, మూడోది కరత్సు అని చెప్పుకుంటారు.

అంటే ఏవిటన్నమాట? కప్పు సగమే కుమ్మరి చేస్తాడు. మిగతా సగం తాగేవాళ్ళు చేస్తారు. మా ఇంట్లోనే చూడండి. రెండూ ఒకే చోట కొన్నవి, ఒకే పెట్టెలో వచ్చినవి. నాది రోజూ వాడి వాడి ఈ రంగుకొచ్చింది. మావారు కాఫీ మనిషి. ఆయన కప్పు అలమారులో కూర్చుని కూర్చుని ఈనాటికీ పెళ్ళికూతురిలా ఉంది. పక్కపక్కన పెడితే జత కాదనుకుంటారు చూసినవాళ్ళు. వదినగారూ అనుకున్నారు. "ఆ రెండోది బాగుందే, అందులో ఇవ్వలేకపోయావా?" అన్నారు.

ఇక్కడే నా దెబ్బలాట మొదలవుతుంది.

మన ఇళ్ళల్లో వస్తువుకి రెండే గతులు. అద్దాల బీరువాలో బందీగా ఉండడం, లేదా వారం వారం సోడా పెట్టి, నిమ్మచెక్క పెట్టి చర్మం ఊడేదాకా తోమించుకోవడం. వాడినట్టు కనబడకూడదు, అంతే. మా అమ్మ పెళ్ళికి ఎవరో పూలపూల పింగాణీ సెట్టు బహుమతిచ్చారు. ఆరు కప్పులు, ఆరు సాసర్లు. మా అమ్మ బతికున్నన్నాళ్ళూ సొట్టపడ్డ స్టీలు గ్లాసులో తాగింది. ఆ సెట్టు "ఎవరైనా వస్తే" అని ఉండిపోయింది. ఎవరెవరో వచ్చారు గానీ, ఆ సెట్టు దించాల్సినంత పెద్దవాళ్ళు ఎవరూ రాలేదు కాబోలు. ఆవిడ పోయాక అక్కచెల్లెళ్ళం రెండేసి పంచుకున్నాం. ఒక్కదానికీ అమ్మ పెదవి తగిలిన గుర్తు లేదు. ఆ గ్లాసేమైందో ఎవరూ చూడలేదు.

"అయితే మురికిని ముద్దు పెట్టుకోమంటావా?" అన్నారు వదినగారు. అననా మరి? ఆవిడ వంటింట్లో గోడమీద నూనెచుక్క పడితే వంట ఆపి తుడుస్తారు. మురికి వేరు, మరక వేరు అని నా వాదన. ఆ కప్పుని తాగిన వెంటనే కడగాలి, వేన్నీళ్ళతో. సబ్బు వాడకూడదు, గుల్లమట్టి ఆ వాసన పీల్చేసుకుంటుంది. కడిగాక బాగా ఆరాలి. తడిగా పెట్టెలో పెడితే బూజు పడుతుంది. అదీ మురికంటే! మన కంటికి కనబడే ఆ గీతలో ఉన్న టీ పూత కింద ఉంది, తోమినా పోదు. నిజానికి ఆ కప్పుకి నేను చేసే సేవ, నా మిగతా గిన్నెలన్నిటికీ కలిపి చేసే సేవకన్నా ఎక్కువ.

నా తప్పు కూడా చెప్పేస్తాను. కొత్తల్లో తమ్ముడి మాట వినకుండా మనలాగే పాలు, పంచదార దట్టించి అందులో టీ తాగాను. నెల తిరక్కుండా కప్పు దగ్గర విరిగిన పాల వాసన. ఎంత కడిగినా పోదే! వేన్నీళ్ళలో మరగబెట్టి, వారం రోజులు మిద్దెమీద ఎండబెడితే అప్పటికి దారికొచ్చింది. అప్పటినుంచీ అందులో పాలు నిషిద్ధం. పాలు అయిపోలేదు వదినగారూ!

ఆ అడుగున గాటు సంగతి కూడా చెప్పాలి. అది పెచ్చు ఊడడం కాదు, కుమ్మరే కోస్తాడు. ప్రభువు కోసం పనిచేసే ఆవం కాబట్టి, మంచి సరుకు మామూలు జనానికి అమ్మకూడదు గనక, కావాలని గాటు పెట్టి లోపం ఉన్నట్టు చూపించి అమ్మేవారని ఓ కథ. కథ బాగానే ఉంది గానీ, అంతకుముందటి కొరియా గిన్నెలకీ ఇలాంటి గాట్లున్నాయి. కొరియా ఎందుకొచ్చిందంటారా? ఈ హగి పాత్రలు చేసిన మొదటివాళ్ళు జపానువాళ్ళు కారు. 1592కీ 1598కీ మధ్య హిదెయోషి కొరియామీద రెండుసార్లు దండెత్తినప్పుడు, అక్కడి కుమ్మరుల్ని పట్టి తెచ్చారు. ఎంతమందిని తెచ్చారంటే, ఆ యుద్ధాలకి 'కుండల యుద్ధం' అని పేరు పడిపోయింది. మోరి వంశపు ప్రభువు 1604లో హగికి మకాం మార్చినప్పుడు, యీ జాక్‌గ్వాంగ్, యీ గ్యోంగ్ అనే అన్నదమ్ములు అక్కడ ఆవం పెట్టారు. 1625లో తమ్ముడికి సాకా కొరాయిజాయెమొన్ అని జపాను పేరు దయచేశారు ప్రభువులు. ఆ పేరులోనే 'కొరాయి' ఉంది, కొరియా అని. ఆ వంశంలో తరవాతివాళ్ళల్లోనూ ఆ పేరు మోసినవాళ్ళున్నారు. మెట్టినింట పేరు మార్చుకున్నవాళ్ళం, ఆ సంగతి మనకి వేరే విప్పి చెప్పక్కర్లేదు. ఏడు మార్పుల గురించి తన్మయంగా రాసే రసికులు ఆ పేరు మార్పుని మాత్రం లెక్కలోకి తీసుకోరు.

రసికులంటే గుర్తొచ్చింది. వాళ్ళతోనూ నాకు పేచీ ఉంది. మరక గొప్పదనం తెలిసినవాళ్ళే గదా అని ఊరుకోను. జపానులో టీ వేడుక నేర్చుకునేవాళ్ళల్లో ఇవాళ ఎక్కువమంది ఆడవాళ్ళు. మెయిజీ కాలం నుంచి ఆడపిల్లల బళ్ళల్లో మర్యాదల పాఠంగా నేర్పుతూ వచ్చారు. కానీ పదహారో శతాబ్దపు సెన్ నో రిక్యూ పేరు చెప్పుకునే మూడు పెద్ద పీఠాలున్నాయి, మూడింటికీ పీఠాధిపతులు మగవాళ్ళే, తండ్రి తరవాత కొడుకు. కప్పు మీద మరకని చూసి 'ఆహా' అనేది ఒకరు, ఆ కప్పుని రోజూ కడిగి ఆరబెట్టి మరక సవ్యంగా పట్టేలా చూసేది ఇంకొకరు. మన ఊరగాయ జాడీ సంగతీ అంతేగా!

ఇంకో రకంవాళ్ళున్నారు. పదేళ్ళు ఆగే ఓపిక లేక, కొత్త కప్పుని చిక్కటి డికాక్షన్లో ఉడకబెట్టి పాతదాన్ని చేసేవాళ్ళు. వాళ్ళ గురించి నేను మాట్లాడను.

ఇక ఈమధ్య మరీ ఎక్కువైంది, పగిలిన గిన్నెని లక్కతో అతికి బంగారుపొడి అద్దే విద్య గురించి చెప్పడం. కిన్‌ట్సుగి అంటారు. విద్య మంచిదే, చూడముచ్చటగా ఉంటుంది. దాన్ని తీసుకొచ్చి మహిళాదినోత్సవాల వేదికలమీద మనకి పాఠం చెప్తున్నారే, అది నాకు గిట్టదు. "పగిలిన చోటే బంగారం మెరుస్తుంది, స్త్రీ కూడా అంతే" అని మొన్న ఓ వక్త చెప్తూంటే అందరూ చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. నా పక్కన కూర్చున్నావిడ కూడా కొట్టలేదు, ఆవిడ ముంజేతి మీద పాత కాలినమచ్చ ఉంది. కప్పుకి నొప్పి లేదండీ. పగలగొట్టినవాడి పేరెత్తకుండా, అతుక్కున్నదానికి సన్మానమేవిటి? వాడకంవల్ల వచ్చిన మార్పు వేరు, దెబ్బవల్ల వచ్చిన బీట వేరు. నా కప్పు పగల్లేదు, ఎవరూ పగలగొట్టలేదు. పదకొండేళ్ళు రోజుకి రెండుసార్లు ఒక మనిషికి పనికొచ్చింది, ఆ మేరకు రంగు మారింది. నేను గొప్పంటున్నది దాన్నే. అంచు విరిగి పెదవి కోసే కప్పుని దాచుకోమని నేనెవరికీ చెప్పను, అవతల పారెయ్యండి.

నలభైలు దాటాక ఈ సంగతి మరీ తెలుస్తుంది. "ఏమిటలా అయిపోయావు? ముందు ఎంత బావుండేదానివి!" అని పెళ్ళిళ్ళలో పలకరిస్తారు చూడండి, అదీ కొంగుతో కప్పు అంచు తుడిచి చూడడమే. ఇరవయ్యేళ్ళు వాడకంలో ఉన్న మనిషి అలమారులో ఉన్నదానిలా ఎలా ఉంటుందమ్మా!

హగిలో మివా అనే పాత కుమ్మరి కుటుంబం ఉంది. ఆ ఇంట్లో అన్నగారిని 1970లో, తమ్ముడిని 1983లో అక్కడి ప్రభుత్వం జాతీయ నిధులుగా గుర్తించింది. వాళ్ళ తెల్లటి పూత దేనితో వస్తుందో తెలుసా? వరిగడ్డి బూడిదతో. మనం బూడిద పెట్టి మరక వదలగొట్టిన జాతి. వాళ్ళు అదే బూడిదని పూతగా పూసి, ఆ పూతకి మరకెప్పుడు పడుతుందా అని ఎదురుచూస్తారు.

ఇంత ఉపన్యాసమూ కాదుగానీ, అందులో సగమైనా వదినగారికి వినిపించాను. ఆవిడ వినీ విననట్టు కూర్చున్నారు. చివరికి నేను, "మీ అమ్మగారి రాచ్చిప్ప గుర్తుందా? కొన్నప్పుడు బూడిదరంగుట. నేను కాపురానికొచ్చేసరికి బొగ్గులా ఉండేది. దాన్నెప్పుడైనా తెల్లగా తోమమన్నారా?" అన్నాను.

ఆవిడ ముఖం మారిపోయింది. "అందులో అమ్మ ముక్కల పులుసు పెడితే, దింపి పీటమీద పెట్టినా కుతకుతా ఉడుకుతూనే ఉండేది" అన్నారు. చల్లారిన టీ తాగేశారు, మొత్తం. కప్పు తనే సింకు దగ్గరికి తీసుకెళ్ళి, సబ్బు జోలికి పోకుండా నీళ్ళతో కడిగి బోర్లించారు.

నేను గెలిచాననుకున్నాను. గుమ్మంలో చెప్పులేసుకుంటూ వెనక్కి తిరిగి, "అన్నట్టు అమ్మాయ్, ఆ రాచ్చిప్ప ఏమైందే? అమ్మ పోయాక ఎవరు పట్టుకెళ్ళారో నీకేమైనా తెలుసా?" అన్నారు.

తెలుసు. ఈ ఫ్లాటుకి మారేటప్పుడు, కొత్త వంటింట్లోకి ఆ నల్లటిదెందుకని, పాత సామాన్లవాడికి వేసింది నేనే. "గుర్తులేదండీ" అన్నాను.