షుగరు ఏ పుట్టింటిది?

"మీ అమ్మకి షుగరుందని పెళ్ళికి ముందు ఒక్క ముక్కయినా చెప్పారా?" కడుపుతో ఉన్న కోడలికి రక్తపరీక్షలో షుగరు కనిపిస్తే చాలు, మా గుణదలలో ఎన్నో ఇళ్ళలో నేను విన్న మొదటి మాట ఇదే. మందూ తిండీ సంగతి తర్వాత. ముందు వియ్యాలవారి వంశాన్ని కడిగెయ్యాలి! మేనకోడల్నే కోడలిగా తెచ్చుకున్న అత్తగార్లు కూడా ఈ మాట అనడం మరీ విడ్డూరం. తమ పుట్టిల్లూ అదేగా!

వంశం ప్రభావం లేదని అనను. షుగరుకి దారితీసే జన్యువులు ఒకటి కాదు, ఎన్నో. తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ వస్తాయి. కానీ అవి విత్తనాలే. నేలా నీరూ లేకుండా విత్తనం మొలవదని కృష్ణా డెల్టా వాళ్ళకి వేరే చెప్పాలా?

మన తాతమ్మల జన్యువులే మనవీ. రెండు మూడు తరాల్లో మారింది బతుకు. దంపుడు బియ్యం పోయి పాలిష్ బియ్యం వచ్చింది. కాలవ గట్టు మీద నడక పోయి ఆటో వచ్చింది. రోకలి మళ్ళీ పట్టమనను, అది ఆడవాళ్ళ నడుములు విరిచింది. కానీ ఆ కదలిక పోయినచోట మరోటి రావాలి కదా.

షుగరు అంచున ఉన్న 531 మందిని మూడేళ్ళు గమనించిన చెన్నై పరిశోధన 2006లో వెలువడింది. మామూలు సలహాతో సరిపెట్టిన వాళ్ళలో నూటికి 55 మందికి షుగరు వచ్చింది. తిండి మార్చుకుని రోజూ అరగంట నడవమని వెంటపడి చెప్పిన వాళ్ళలో 39 మందికే. వంశం మార్చుకున్నారా వాళ్ళు?

అయితే ఈ భారమంతా కోడలి నెత్తినే పడెయ్యకండి. కూర ఎక్కువ, అన్నం తక్కువ అన్నది అందరి కంచాల్లోనూ ఉండాలి. కాన్పయ్యాక ఆమె నడవాలంటే ఆ అరగంట పిల్లాణ్ణి మొగుడో మావగారో ఎత్తుకోవాలి. గుణదల కొండ మెట్లు ఎక్కడికీ పోవు, ఎక్కే తీరికే ఆడదానికి లేదు. కాన్పుతో షుగరు పోయిందని ఊరుకోకూడదు. ఆరు వారాలకి పరీక్ష చేయించాలి, తర్వాతా వదలకూడదు. ఆ తల్లికీ బిడ్డకీ ముందుముందు షుగరు వచ్చే అవకాశం ఎక్కువ.

సంబంధం కుదిరేటప్పుడు ఎవరికి షుగరుందో రెండువైపులా చెప్పుకుందాం. దెప్పడానికి కాదు, ముందుగా పరీక్ష చేయించుకోవడానికి.